మిషన్‌లో చెయ్యి పడితే: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ చుట్టూ ఫ్యాక్టరీలున్న జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, చర్లపల్లి, కాటేదాన్ వైపు నుంచి చేతి గాయాలతో వచ్చేవాళ్లకు ఆపరేషన్లు చేసే ప్లాస్టిక్ సర్జన్‌ని నేను. గాయం మీది గుడ్డ విప్పకముందే "ఏ మిషన్?" అని అడుగుతాను. వెంట వచ్చినవాళ్లకు చిరాకేస్తుంది, రక్తం కారుతుంటే మిషన్ సంగతెందుకని. ఆ చేతికి ఏం చేయగలం, ఏం చేయలేం అన్నది చాలావరకు ఆ జవాబును బట్టే ఉంటుంది.

అపోహ: పైన చర్మం బాగానే ఉంది, కుట్లేస్తే సరిపోతుంది.

పదునైన బ్లేడు కోస్తే, ఎంత లోతుగా కోసినా, దెబ్బ ఆ గీత వరకే. అటూ ఇటూ ఉన్న కండ, రక్తనాళం, నరం బాగానే ఉంటాయి. పవర్ ప్రెస్ నలిపేస్తుంది. రోలర్ అంతకన్నా మోసం. అది చేతిని లోపలికి లాక్కుంటుంది, మనిషి భయపడి వెనక్కి గుంజుతాడు, ఆ పెనుగులాటలో చర్మం కింది పొరల నుంచి ఊడిపోతుంది. రోడ్డు పక్క చెరకు రసం మిషన్‌లో పడ్డ చెయ్యి కూడా ఇంతే. మొదటి రోజు ఆ చర్మం మామూలు రంగులోనే కనిపించవచ్చు. దాన్నే కప్పి కుట్లేసి పంపిస్తే నాలుగు రోజుల్లో నల్లబడుతుంది, కింద చీము చేరుతుంది.

అందుకే ఇలాంటి చేతికి మొదటి ఆపరేషన్‌లో కుట్టేదానికన్నా కోసి తీసేసేదే ఎక్కువ. చచ్చిన కండ గిచ్చితే ముడుచుకోదు, కోస్తే రక్తం రాదు. దాన్ని లోపల ఉంచితే ఇన్ఫెక్షన్‌కి మేత పెట్టినట్టే. అనుమానంగా ఉన్న కండను మాత్రం వదిలి, 48 గంటల్లోపు మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి చూస్తాం. "గాయం తెరిచే వదిలేశారేంటి" అని బంధువులు గొడవపడేది ఈ మధ్యలోనే.

చర్మం చెక్కుచెదరకుండా లోపల నలిగే గాయాలూ ఉన్నాయి. ముంజేయి వాచి గట్టిపడుతుంది, లోపలి ఒత్తిడికి కండలకు రక్తం అందదు. వేళ్లను మెల్లగా చాపబోయినా తట్టుకోలేనంత నొప్పి రావడం దీని గుర్తు. నాడి అందుతోంది కదా అని ధైర్యపడకూడదు, నాడి కొట్టుకుంటుండగానే కండ చచ్చిపోవచ్చు. ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపే, చర్మాన్నీ దాని కింది గట్టి పొరనూ పొడుగునా కోసి ఒత్తిడి తగ్గించాలి. పిండికట్టయినా పుత్తూరు కట్టయినా బిగిసిపోయి వేళ్లు మొద్దుబారుతుంటే, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

గ్రీజు గన్, పెయింట్ స్ప్రే గన్ నుంచి గ్రీజో పెయింటో వేల్లోకి దూసుకుపోయిన గాయమైతే పైకి గుండుసూది మొనంత రంధ్రమే. మొదట్లో పెద్ద నొప్పి కూడా ఉండదు. షిఫ్ట్ పూర్తిచేసుకుని వచ్చేవాళ్లున్నారు. వెంటనే తెరిచి శుభ్రం చేయకపోతే వేలు పోవచ్చు.

అపోహ: తెగిన భాగాన్ని ఐసులో వేసి తెస్తే ఎన్ని గంటలైనా ఫర్వాలేదు.

నేరుగా ఐసు తగిలితే అది గడ్డకట్టి పాడవుతుంది. నీళ్లలో నానబెట్టినా పాడే. శుభ్రమైన గుడ్డను సెలైన్‌లో తడిపి పిండి, తెగిన భాగాన్ని అందులో చుట్టండి. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్‌ని ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ఉంచండి. వేళ్లలో కండ ఉండదు కాబట్టి ఇలా చల్లగా తెస్తే 24 గంటల వరకు ప్రయత్నించవచ్చు. ముంజేయి, దండచెయ్యి నిండా కండే. చల్లగా ఉంచకపోతే ఆరు గంటలు, ఉంచితే మహా అయితే పన్నెండు. అది దాటాక అతికించి మళ్లీ రక్తం పారిస్తే, చచ్చిన కండలోని పొటాషియం, ఆమ్లాలు ఒంట్లోకి వచ్చి గుండె ఆగవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

ఆ గంటలు ఎక్కువగా ఖర్చయ్యేది ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిరగడంలో. చేతి సర్జరీ చేసే డాక్టరు ఉన్నారా, మైక్రోస్కోప్ ఉందా అని ఒకరు ఫోన్‌లో కనుక్కుంటుంటే ఇంకొకరు బండి ఎక్కించండి. దారిలో టీ, కొబ్బరి నీళ్లు పట్టించకండి, మత్తు ఇవ్వాల్సి ఉంటుంది.

అపోహ: కాఫీ పొడి, పసుపు అద్దితే రక్తం ఆగిపోతుంది.

మాకు కడిగే పని పెరుగుతుంది, అంతే. గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. అప్పటికీ చిమ్ముతూనే ఉంటే గాయానికి పైన, భుజం వైపున, వెడల్పాటి పట్టీ బిగించి, బిగించిన టైం రాసిపెట్టండి. వైరు, సుతిలి తాడు వద్దు. రెండు గంటలు దాటితే ఆ పట్టీయే కండను దెబ్బతీస్తుంది.

అపోహ: తెగిన చెయ్యి తెచ్చాం కదా, అతికించాల్సిందే.

పూర్తిగా తెగిన చేతిని విజయవంతంగా అతికించడం 1962లో బోస్టన్‌లో, 12 ఏళ్ల అబ్బాయితో మొదలైంది. మరుసటి ఏడాదే షాంఘైలో మిషన్‌లో తెగిన ఒక కార్మికుడి చేతిని అతికించారు. అంటే రక్తనాళాలు కలపడం కొత్త విద్యేమీ కాదు. చిక్కంతా నరంతోనే. అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేళ్ల కొసలకు చేరడానికి ఆరేడు నెలలు, భుజం దగ్గర తెగితే దాదాపు రెండేళ్లు. ఏడాదిన్నర పాటు నరం అందని చిన్న కండలు కరిగిపోతాయి, తర్వాత నరం వచ్చినా కదలవు.

కాబట్టి మణికట్టు దగ్గర పదునుగా తెగిన చెయ్యి, బొటనవేలు, పిల్లల చేతులు, ఒకేసారి తెగిన నాలుగు వేళ్లు, వీటికోసం రాత్రంతా కూర్చుంటాం. బెల్టులో చిక్కుకుని దండచెయ్యి దగ్గర నలిగి ఊడిపోయిన చెయ్యి పెద్దవాళ్లలో బతికినా, చూడటానికే చెయ్యి. మోచేయి కదలికైనా దక్కుతుందనిపిస్తే ప్రయత్నిస్తాను, లేదంటే మొండిని బాగు చేసి కృత్రిమ చేతికి సిద్ధం చేయడమే మేలంటాను. అతికించనన్న డాక్టర్‌తో దెబ్బలాడే ముందు కారణం అడగండి.

అపోహ: ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది.

ఎముక, టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు) బయటపడిన చోట పల్చటి చర్మం వేస్తే పట్టదు. రక్తసరఫరా ఉన్న మందపాటి చర్మం కావాలి. తొడ నుంచి తీసి రక్తనాళాలు కలపడం ఒక పద్ధతి. గజ్జ దగ్గరి చర్మాన్ని చేతికి కుట్టి, సుమారు మూడు వారాలు అలాగే ఉంచి విడదీయడం 1972 నాటి పద్ధతి. పాతదే గానీ నాకిప్పటికీ ఇష్టం. తర్వాత టెండన్లు, నరాలు, బిగుసుకున్న కీళ్లు. ఈలోపు ఫిజియోథెరపీ మానేసి ఒడిశాకో బిహార్‌కో వెళ్లిపోయినవాళ్లు వేళ్లు వంగని చేతితో తిరిగొస్తారు.

అపోహ: పప్పు, గుడ్డు తింటే చీము పడుతుంది.

చీము పట్టేది క్రిముల వల్ల. గాయం మానడానికి ప్రొటీన్ కావాలి, పప్పూ గుడ్డూ మాంసమూ అన్నీ పెట్టండి. పత్యం చేయాల్సింది బీడీలు, సిగరెట్ల విషయంలో. అవి రక్తనాళాన్ని ముడిచేస్తాయి.

అపోహ: పోలీస్ కేసు తేలేదాకా ఆస్పత్రిలో ముట్టుకోరు.

ముందు చికిత్స, తర్వాతే కాగితాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు పంపే మెడికో లీగల్ కేసు కాగితం, రాయడం ఆస్పత్రి పని, అది చికిత్సతో పాటే జరిగిపోతుంది. దానికి భయపడి కాంట్రాక్టర్లు "ఇంట్లో జారిపడ్డానని చెప్పు" అని నేర్పించి పంపుతారు. రోలర్‌లో పడ్డ చేతిని జారిపడ్డ చెయ్యి అంటే, చర్మం చూసి మోసపోయేది మేం, చెయ్యి పోగొట్టుకునేది అతను.

డబ్బు కూడా పోతుంది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు పనిలో తగిలిన గాయానికి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే హక్కు ఉంటుంది. పనికి పోలేని రోజులకు జీతంలో సుమారు 90 శాతం, శాశ్వత వైకల్యం మిగిలితే నెలనెలా కొంత వస్తాయి. ఈఎస్ఐ లేకపోతే యజమాని పరిహారం ఇవ్వాలి. చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, చెయ్యి పోతే 60 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క. వీటన్నిటికీ మొదటి రోజు కేస్ షీట్‌లో రాసిన మాటే ఆధారం. డిశ్చార్జి రోజున వచ్చి "మిషన్ అని మార్చి రాయండి డాక్టర్ గారూ" అంటే నేను మార్చలేను.