నిజం కథలు చూసే, వినే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న రాత్రి నేనూ మా మనవరాలూ 'ఫ్రోజెన్ ప్లానెట్' చూస్తూ కూర్చున్నాం. ధ్రువ ప్రాంతాల జంతువుల మీద 2011లో బీబీసీలో వచ్చిన సిరీస్ అది. తెల్ల ఎలుగుబంటి ఒకటి మంచు గుహలో పడుకుని ఉంది. ఇంకా కళ్ళు తెరవని పిల్లలు దాని ఒంటికి అతుక్కుని ఉన్నాయి. నేను రెప్ప వేయకుండా చూస్తున్నాను. పదేళ్ళ మనవరాలు మాత్రం టక్కున రిమోట్ అందుకుని బొమ్మ ఆపేసింది.

"అమ్మమ్మా, గుహలో చీకటిగా ఉండాలి కదా, వెలుతురు ఎక్కణ్ణుంచి వచ్చింది? కెమెరా ఆయన ఎక్కడ కూర్చున్నాడు? ఎలుగుబంటి ఆయన్నేమీ చెయ్యలేదా?"

మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. ఆ దృశ్యం మంచు ప్రాంతంలో తీసింది కాదు, జూలో తీసింది. మంచు కొండల్లో నిజంగా ఈనిన ఎలుగుబంటి గుహలోకి మనిషి వెళితే అది ఆయన్ని చంపేయొచ్చు, లేదా బెదిరిపోయి పిల్లల్ని వదిలేయొచ్చు. అందుకని జూలో గుహలాంటి చోటు కట్టి, ముందే కెమెరాలు అమర్చి తీశారు. ఈ సంగతి తమ వెబ్‌సైట్‌లో చెప్పారు గానీ, కార్యక్రమం నడుస్తుండగా ఒక్క ముక్క చెప్పలేదు. అప్పట్లో చాలామందికి కోపం వచ్చింది. నాకైతే జూలో తీయడం తప్పనిపించలేదు. ఒక తల్లినీ పిల్లల్నీ కాపాడిన పని అది. చూసేవాళ్ళకు ఆ మాట అక్కడే చెప్పి ఉండాల్సిందని మాత్రం గట్టిగా అనిపించింది.

ఆ రాత్రి నుంచి మీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. మా చిన్నతనంలో టీవీలో ఏది వస్తే అదే చూడాలి, అది కూడా వచ్చినప్పుడే చూడాలి. తప్పిపోయిందంటే పోయినట్టే. ఇప్పుడు సముద్రపు అడుగు, అంతరిక్షం, పాతకాలపు యుద్ధాలు, లెక్కలు, పురుగులు, సంగీతం, వంతెనలు ఎలా కడతారో, మెదడు ఎలా పనిచేస్తుందో, అన్నీ మీ వేలి కింద ఉన్నాయి. డబ్బు కట్టి చూసేవి కొన్ని, ఊరికే దొరికేవి కొన్ని. నాసా 2023 నవంబరులో 'నాసా ప్లస్' అని సొంత స్ట్రీమింగ్ మొదలుపెట్టింది. దానికి డబ్బు కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు కూడా రావు. ఇంత భాగ్యం ఏ తరం పిల్లలకూ దక్కలేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అందుకే వీటిని చూడొద్దని చెప్పే పెద్దల్లో నేను లేను. ఎలా చూస్తే ఎక్కువ దక్కుతుందో నాకు తెలిసినంత చెబుతాను.

తెర మీద చూసే డాక్యుమెంటరీలు, ఫోన్‌లో వినే పాడ్‌కాస్ట్‌లు, వీటన్నిటినీ కలిపి నేను 'నిజం కథలు' అంటాను. నిజమూ ఉంది, కథా ఉంది. రెండో మాటను మరిచిపోకండి.

సినిమా పుట్టిన రోజుల నుంచీ ఇదే సంగతి. 1895లో ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ గేటు ముందు కెమెరా పెట్టి, పని ముగించుకుని బయటికొస్తున్న కార్మికుల్ని తీశారు. నిమిషం కూడా ఉండదు. నటులు లేరు, కథ లేదు. అంతకన్నా నిజం ఏముంటుంది? అయితే అదే దృశ్యానికి మూడు రకాల ఫిల్ములు దొరికాయి. ఒకదాంట్లో బండికి ఒక గుర్రం ఉంటుంది, ఇంకోదాంట్లో రెండు గుర్రాలు, మూడోదాంట్లో గుర్రమే లేదు. అంటే ఆ కార్మికులు కెమెరా కోసం మళ్ళీ మళ్ళీ గేటు దాటారన్నమాట. మూడూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పక్కపక్కన పెట్టి చూడండి. బట్టలు మారతాయి, నీడలు మారతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక సైకిలాయన్ని వెతుక్కుంటూ అరగంట గడిపేశాను.

1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే ఆయన కెనడా ఉత్తరాన ఇన్యూట్ ప్రజల జీవితం మీద 'నానూక్ ఆఫ్ ద నార్త్' తీశాడు. అందులో ఆ కుటుంబం మంచు ఇంట్లో నిద్ర లేచే దృశ్యం ఉంటుంది. మంచు ఇల్లు చాలా చిన్నది, లోపల చీకటి. అప్పటి కెమెరాకు అంత తక్కువ వెలుతురు చాలదు. అందుకని ఇంటిని సగానికి కోసినట్టు ఒక పక్క తెరిచి కట్టించి తీశాడు. వాళ్ళు అప్పటికే తుపాకులు వాడుతున్నా, సినిమాలో పాత పద్ధతిలో బల్లేలతో వేటాడమన్నాడు. కథానాయకుడి అసలు పేరు కూడా నానూక్ కాదు, అల్లాకరియల్లాక్. ఇంత కల్పించినా ఆ సినిమా పనికిరాదని నేను అనను. మంచు దిమ్మెలు కోసి ఇల్లు కట్టే ఆ చేతుల నేర్పు నిజం. చలి నిజం. ఏది నిజమో ఏది ఏర్పాటో విడదీసుకుంటూ చూస్తే ఒకే సినిమాలో రెండు సినిమాలు చూసినట్టుంటుంది.

కానీ ఒకదాన్ని మాత్రం నేను క్షమించలేను. లెమ్మింగ్ అని ఎలుకలాంటి చిన్న జంతువు ఉంది. అవి గుంపులుగా వెళ్ళి సముద్రంలో దూకి చనిపోతాయని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకం పాతదే అయినా, ఇంటింటికీ పాకించింది 1958లో డిస్నీ సంస్థ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్'. ఆ దృశ్యం తీసింది కెనడాలోని ఆల్బెర్టాలో. అక్కడ సముద్రమే లేదు. లెమ్మింగ్‌లను వేరే చోట కొని తెచ్చి, గట్టు మీదికి తోలి, నీళ్ళలో పడేలా చేశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. 1982లో కెనడా టీవీ వాళ్ళు బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. ప్రాణుల్ని చంపి, అవే చచ్చాయని చెప్పడం! మీరు జంతువుల సిరీస్ చూస్తున్నప్పుడు 'ఇది దానంతట అది చేసిందా, ఎవరైనా చేయించారా' అని ఒక్క క్షణం ఆలోచించాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మంచి సిరీస్‌లు చాలావాటిలో చివర పది నిమిషాలు ఎలా తీశారో చూపిస్తున్నారు. దయచేసి అప్పుడు టీవీ కట్టేయకండి. ఒక పక్షి కోసం వారాల తరబడి డేరాలో కూర్చున్న మనిషి ముఖం అక్కడే కనిపిస్తుంది.

బొమ్మ లాగే చప్పుడు కూడా. కెమెరాకు దూరంలో ఉన్న జంతువును పొడుగాటి లెన్స్‌తో దగ్గరికి లాగొచ్చు, మైకు మాత్రం దాని అడుగుల సవ్వడిని అంత దూరం నుంచి పట్టుకోలేదు. అందుకని చాలాసార్లు ఆ చప్పుళ్ళను స్టూడియోలో చేసి కలుపుతారు. సంచిలో కార్న్‌ఫ్లోర్ పోసి పిసికితే మంచు మీద నడిచినట్టే వినిపిస్తుంది. ఇది చెప్పగానే మా మనవరాలు నమ్మలేదు. తనే సంచి తెచ్చి, కళ్ళు మూసుకుని పిసుకుతూ, "ఎలుగుబంటి వస్తోంది, వస్తోంది" అంటూ పావుగంట ఇల్లంతా తిరిగింది.

ఎవరూ ఏమీ చేయించకుండా, దొరికిన వాటినే పేర్చి తీసినవి కూడా ఉన్నాయి. చంద్రుడి మీదికి మనిషి వెళ్ళిన ప్రయాణం మీద 2019లో వచ్చిన 'అపోలో 11' అలాంటిది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో దశాబ్దాలుగా పడి ఉన్న పెద్ద ఫిల్మ్ రీళ్ళు, 11,000 గంటలకు పైగా ఉన్న మాటల రికార్డింగులు వెతికి దాన్ని కూర్చారు. కొత్తగా చేర్చిన వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు. 1969 జులై 16న రాకెట్ లేచినప్పటి ముగ్గురు వ్యోమగాముల గుండె వేగం అందులో తెలుస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌ది నిమిషానికి 110, కాలిన్స్‌ది 99, ఆల్డ్రిన్‌ది 88. ఏ వ్యాఖ్యాతా 'అప్పుడు ఎంతో టెన్షన్' అని చెప్పక్కర్లేకపోయింది. మూడు అంకెలు చాలు. అయినా అన్ని గంటల్లోంచి ఏ గంటన్నర ఉంచాలో ఎవరో ఒకరు కూర్చుని ఎంచారు, చూడండి. ఆ ఎంపికలోనే వాళ్ళ ప్రతిభ అంతా ఉంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది 'అప్' అనే సిరీస్. 1964లో బ్రిటన్‌లో ఏడేళ్ళ పిల్లలు 14 మందిని టీవీ వాళ్ళు 'పెద్దయ్యాక ఏమవుతారు' లాంటి ప్రశ్నలు అడిగారు. తర్వాత ఏడేళ్ళకోసారి వెళ్ళి మళ్ళీ పలకరించారు. 2019 నాటికి వాళ్ళకు 63 ఏళ్ళు. గుర్రప్పందాల జాకీ అవుతానన్న కుర్రాడు కొన్నాళ్ళు గుర్రాలెక్కి, చివరికి లండన్‌లో టాక్సీ నడిపాడు. కొందరు మధ్యలో ఇక వద్దని తప్పుకున్నారు. వాళ్ళను నేను అర్థం చేసుకోగలను. లోకమంతా చూస్తుండగా పెరగడం అందరి వల్లా కాదు. మీ వయసువాళ్ళు చూడాల్సిన సిరీస్ ఇది. వరసగా చూస్తుంటే ఏడేళ్ళ ముఖంలోని నవ్వు అరవై ఏళ్ళ ముఖంలో ఎక్కడో ఒక మూల మళ్ళీ మెరుస్తుంది.

ఇక పాడ్‌కాస్ట్‌ల గురించి. వీటి అలవాటు నాకు కంటి ఆపరేషన్ తర్వాత అయింది. కొన్నాళ్ళు ఫోన్ చూడొద్దన్నారు. మనవరాలే యాప్ తెరిచి, చెవుల్లో పెట్టి, "విను" అంది. మొదటి రోజు తేనెటీగల గురించి విన్నాను. కళ్ళు మూసుకుని వింటుంటే తేనెపట్టు నా నెత్తి మీదే ఉన్నట్టనిపించింది. తెర మీద ఎవరో చూపించిన తేనెటీగ కాదది, నేను ఊహించుకున్న తేనెటీగ.

పాడ్‌కాస్ట్ అనే మాట 2004లో పుట్టింది. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటల్ని కలిపి బెన్ హామర్స్‌లీ అనే విలేకరి ఒక వ్యాసంలో వాడారు. దీన్ని చేయడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. అందుకే టీవీలో ఎన్నడూ చోటు దొరకని విషయాలు ఇక్కడ ఉంటాయి. నాచు మొక్కల మీద, నాణేల మీద, ఒకే ఒక్క రాజవంశం మీద ఏళ్ళ తరబడి మాట్లాడేవాళ్ళున్నారు. వీటిలో ఒక చిక్కు కూడా ఉంది. గొంతు బాగుంటే మనం త్వరగా నమ్మేస్తాం. చెవిలో మెల్లగా మాట్లాడేవాళ్ళు మన స్నేహితుల్లా అనిపిస్తారు. మంచివాళ్ళు తమకు ఈ సంగతి ఎలా తెలిసిందో చెబుతారు, పొరపాటు చేస్తే తర్వాతి ఎపిసోడ్‌లో దిద్దుకుంటారు. నేను ఎవర్ని వినాలో తేల్చుకునేది వాళ్ళు ఆ పని చేస్తారా లేదా అన్నదాన్ని బట్టే.

గొంతును కూడా ఇప్పుడు తయారుచేయొచ్చు. చనిపోయిన ఆంథొనీ బోర్డెయిన్ అనే అమెరికా షెఫ్, టీవీ వ్యాఖ్యాత గురించి 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో, ఆయన రాసిన కొన్ని మాటల్ని ఆయన గొంతుతోనే కంప్యూటర్ చేత పలికించారు. రాసింది ఆయనే, పలికింది మాత్రం యంత్రం. సినిమాలో ఆ సంగతి చెప్పలేదు, దర్శకుడు ఇంటర్వ్యూల్లో చెప్పాకే జనానికి తెలిసింది. నాకు అది బాధ కలిగించింది.

మీతో తప్పకుండా చేయించాలనుకునే పని ఒకటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆటోప్లే తీసేయండి. ఒక ఎపిసోడ్ అవగానే ఇంకోటి దానంతట అదే మొదలైతే, చూసినదాని గురించి ఆలోచించే సమయం పోతుంది. యాప్ మీకు ఎప్పుడూ నిన్న చూసినలాంటిదే మళ్ళీ చూపిస్తుంది. డైనోసార్లు చూస్తే డైనోసార్లే. కాబట్టి వారానికి ఒకసారి వెతుకు పెట్టెలో మీకు బొత్తిగా తెలియని మాట ఒకటి కొట్టండి. గడియారం, ఉప్పు, నత్త, బ్రెయిలీ, ఏదైనా సరే. వేరే భాషలో ఉందని వదిలేయకండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

నిన్న మా మనవరాలు తన సొంత పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. మొదటి అతిథిని నేను. గదిలో గొంతు మోగుతోందని ఇద్దరం దుప్పటి కప్పుకుని ఫోన్ మధ్యలో పెట్టుకున్నాం. నా చిన్నప్పటి సంగతులు ఏవేవో అడిగింది, చెప్పాను. అయిపోయిందని లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఉండాలట. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతకడానికి గది నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకోవాలని ఎక్కడో నేర్చుకుంది. సరేనని కూర్చున్నాం. సాయంత్రం ఆ నిమిషాన్ని పెట్టి వినిపించింది. గడియారం టిక్కుటిక్కు, దూరంగా ఎవరిదో బండి, మనవరాలి ముక్కు చీదు, నా ఊపిరి.

అది ఇవాళ ఎడిటింగ్ మొదలుపెడుతోంది. నేను చెప్పినదాంట్లో ఏది ఉంచిందో, ఏది తీసేసిందో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ