సున్తీ తర్వాత మూత్రం మంట: అపోహలు - వాస్తవాలు

సున్తీ ఆపరేషన్ అయిన ఇంటి నుంచి రాత్రిపూట ఫోన్ వచ్చిందంటే అది రక్తం గురించో, మూత్రం గురించో అయి ఉంటుంది. రక్తమంటే శుభ్రమైన గాజు గుడ్డతో 10 నిమిషాలు కదలకుండా నొక్కి పట్టుకోమంటాను, ఆగకపోతే వచ్చేయమంటాను. ఈ మాట అందరూ వింటారు. మూత్రం దగ్గరికొచ్చేసరికే ఇంట్లో తలా ఒక వైద్యం చెబుతారు. ఆచారంగా చేయించిన ఇళ్ళలోనూ, చర్మం బిగుసుకుపోయి ఫైమోసిస్‌కి చేయించుకున్న ఇళ్ళలోనూ అవే మాటలు.

అపోహ: నీళ్ళు తగ్గిస్తే మూత్రం తగ్గుతుంది, మంట తప్పుతుంది.

నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఇదే. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి పసుపు మూత్రం పచ్చి పుండుకి తగిలితే ఇంకా మండుతుంది. ఒకసారి మండిందా, పిల్లలు బిగబట్టేస్తారు.

ఆరేళ్ళ బాబుని ఆపరేషన్ అయిన మూడో రోజు తీసుకొచ్చారు. కట్టు అప్పటికే తీసేశాం, పుండు బాగానే ఉంది. పొత్తికడుపు మాత్రం బంతిలా గట్టిగా ఉంది. "రాత్రి నుంచీ రెండు గుక్కలే పట్టానండీ, పోసేటప్పుడు ఏడుస్తున్నాడని" అంది వాళ్ళ అమ్మమ్మ. వాడేమో "నాకొద్దు, కోస్తుంది" అని నిక్కరు వదలడు. వార్డులో వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోయించి, నడుము దాకా మునిగేలా కూర్చోబెట్టాం. అమ్మమ్మ చొక్కా పైకెత్తి పట్టుకుంది, ఆయా పక్కన కుళాయి తిప్పింది. రెండు మూడు నిమిషాలకి టబ్బులో నీళ్ళు పచ్చబడ్డాయి. వాడు మా మొహాలు చూసి "అయిపోయింది" అన్నాడు.

ఇందులో మహిమేం లేదు. వెచ్చదనానికి బిగిసిన కండరం సడలుతుంది, నీళ్ళలో మూత్రం అప్పటికప్పుడే పలచబడి పుండుని కరవదు. ఇంట్లోనూ చేయొచ్చు. కట్టు ఇంకా ఉంటే మాత్రం ముందు మీ డాక్టర్‌ని అడగండి. నొప్పి మందు కూడా ఏడుపు మొదలయ్యాక కాకుండా, రాసిచ్చిన టైముకే వేయండి.

అపోహ: మంట పుడుతోందంటే వేడి చేసినట్టే.

మంట పుట్టేది పుండు అంచున, ఇన్నాళ్ళూ చర్మం కింద దాగి ఇప్పుడు గాలి తగులుతున్న అంగం కొన మీద. రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, రోజురోజుకీ తగ్గాలి. బార్లీ నీళ్ళు, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు హాయిగా తాగించండి, ఎలా వెళ్ళినా కడుపులోకి వెళ్ళేది నీళ్ళేగా. తగ్గిన మంట నాలుగైదు రోజులకి మళ్ళీ పెరిగినా, లోపల లోతుగా మండుతున్నా, జ్వరం వచ్చినా, ఊరికే వెళ్ళాలనిపించినా అప్పుడు ఇన్‌ఫెక్షన్ అనుమానించాలి.

ఈలోగా మీరే ల్యాబ్‌కి వెళ్ళి యూరిన్ టెస్ట్ చేయించకండి. పుండు మీది కణాలు సీసాలో పడి రిపోర్టులో 'పస్ సెల్స్' (చీము కణాలు) కనిపిస్తాయి, దాన్ని చూసి అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది.

పెద్దవాళ్ళకి ఇంకో మాట. నలభై దాటాక చర్మం పగుళ్ళు పడి కొత్తగా బిగుసుకుంటే ముందు షుగర్ చూపించుకోవాలి. ఆపరేషన్ తర్వాత రాత్రి నాలుగైదుసార్లు లేస్తూ "పుండు వల్లేమో" అనుకునేవాళ్ళలో ఆ షుగర్ అప్పుడు బయటపడ్డం చూశాను.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది. కొన మీద పచ్చగా ఉన్నది చీమే.

పప్పు పెట్టండి. పుండు మానడానికి ప్రోటీన్ కావాలి. కొన మీద పలచగా కనిపించే పసుపు తెలుపు పొర మానే పుండు మీద మామూలుగా ఏర్పడేదే. దాన్ని దూదితో గీకి తీస్తే రక్తం వస్తుంది, పిల్లవాడు మళ్ళీ బిగబడతాడు. పసుపు, బూడిద, డెటాల్ ఏవీ వద్దు. డాక్టర్ సరేనంటే పలచగా వ్యాజిలిన్ చాలు, మూత్రం నేరుగా తగలకుండా కాపాడుతుంది. చెడు వాసన, పాకుతున్న ఎరుపు ఉంటే చూపించాలి.

అపోహ: మూత్రం రాకపోతే రేపు చూసుకుందాం, ఇప్పుడెళ్తే పైపు వేస్తారు.

ఇక్కడ మాత్రం ఆలస్యం చేయొద్దు. 6 నుంచి 8 గంటలు ఒక్క చుక్కా రాకపోతే, పసిపిల్లలకైతే డైపర్ తడవకపోతే, రాత్రైనా సరే వచ్చేయండి. కడుపు ఉబ్బి నొప్పి పెడితే అంతసేపు కూడా ఆగొద్దు. చాలాసార్లు పైపు అవసరమే పడదు. కట్టు బిగుతుగా ఉంటే వదులు చేయగానే ధార వస్తుంది. వెన్నుకి మత్తు ఇచ్చినవాళ్ళకి మొదటి కొన్ని గంటలు ఆలస్యం కావచ్చు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయన జలుబు మాత్ర వేసుకున్నా, మలబద్ధకం ఉన్నా మూత్రం ఆగిపోవచ్చు, అందుకే వేసుకున్న మందులన్నీ చెప్పండి. సున్తీ చేసేటప్పుడు ప్లాస్టిక్ రింగు వేసిన పిల్లలకి అది వెనక్కి జారినట్టు కనిపిస్తే లాగకండి, వెంటనే తీసుకురండి.

అపోహ: ధార చీలిందంటే ఆపరేషన్ తప్పిందన్నమాట.

వాపు ఉంటుంది, కుట్లు ఉంటాయి, రంధ్రం అంచున పొక్కు ఉంటుంది. ధార రెండుగా చీలడం, పక్కకి పోవడం రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. అప్పటిదాకా కూర్చుని పోయమనండి.

అసలు గమనించాల్సింది తర్వాత. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక కొందరు పిల్లలకి మూత్ర రంధ్రం సన్నబడుతుంది, ముఖ్యంగా పుట్టిన కొత్తలో సున్తీ అయినవాళ్ళకి. ధార దారంలా సన్నగా, పైకి ఎగజిమ్ముతుంది, పోయడానికి చాలాసేపు పడుతుంది. బాత్రూమ్ గోడంతా తడిపాడని వాణ్ణి తిడుతుంటారు. నాన్నలు ఒక్కసారి పక్కన నిలబడి ధార ఎటు పోతోందో చూడండి. పైకి పోతుంటే చూపించండి. రంధ్రాన్ని కొద్దిగా వెడల్పు చేసే చిన్న ప్రొసీజర్ అది, చాలావరకు అదే రోజు ఇంటికి పంపించేస్తాం.