అంచు చుట్టుకుపోతే తప్పు మీ చేతిది కాదు

"మేడమ్, మఫ్లర్ అంచులు గొట్టంలా చుట్టుకుపోతున్నాయి. ఎక్కడ తప్పు చేశాను?" నిట్టింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చాలామంది అప్పటికే రెండుసార్లు విప్పేసి, టెన్షన్ పడి, ఇక మనవల్ల కాదనుకుని ఉంటారు.

అపోహ: అల్లడం సరిగ్గా రాకపోతేనే అంచు చుట్టుకుంటుంది. ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుంది.

రెండు మాటలూ తప్పే. ఒక వరుస నిట్ (సీదా కుట్టు), ఒక వరుస పర్ల్ (ఉల్టా కుట్టు) వేసే స్టాకినెట్ అల్లిక ఎంత చేయి తిరిగినవాళ్లు అల్లినా చుట్టుకుంటుంది. వంపు తిరిగిన దారం మళ్లీ తిన్నగా అవ్వాలని చూస్తుంది. నిట్ కుట్లన్నీ ఒకవైపు, పర్ల్ కుట్లన్నీ రెండోవైపు ఉండడంతో ఆ లాగుడుకు ఎదురు లాగుడు ఉండదు. అందుకే పక్క అంచులు వెనక్కి, కింది అంచూ పై అంచూ ముందుకు తిరుగుతాయి. అన్ని వరుసలూ నిట్టే వేసేది గార్టర్, ఒకే వరుసలో నిట్, పర్ల్ మార్చి మార్చి వేసేది రిబ్. గార్టర్‌లో, రిబ్‌లో రెండు రకాల కుట్లూ రెండువైపులా ఉంటాయి కాబట్టి అవి చుట్టుకోవు.

మఫ్లర్‌కు రెండు పక్కలా నాలుగైదు కుట్లు అన్ని వరుసల్లోనూ నిట్టే వేయండి. మొదట్లో, చివర్లో ఆరేడు వరుసలు పూర్తిగా గార్టర్ వేయండి. మధ్య భాగం బాగా వెడల్పయితే ఈ బార్డర్ కూడా కొంత మడత పడుతుంది. అందుకే మొదటి మఫ్లర్ మొత్తం గార్టర్‌లోనే అల్లమంటాను. స్వెటర్ ముక్కలకైతే ఈ బెంగే అక్కర్లేదు. పక్కలు కుట్టులోకి పోతాయి, కింద ఎలాగూ రిబ్ ఉంటుంది.

ఇస్త్రీ జోలికి మాత్రం వెళ్లకండి. మన దుకాణాల్లో ఊలు అని అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్. పెట్టె వేడి తగిలితే దాని సాగే గుణం పోయి, జీవం లేకుండా వేలాడిపోతుంది. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ మనవరాలి బారసాలకని స్వెటర్ అల్లారు. ఎవరో చెప్పారని ముందురోజు రాత్రి ఇస్త్రీ చేశారు. నడుం దగ్గర రిబ్ సాగిపోయి మళ్లీ బిగుసుకోలేదు. అంత చక్కటి పనితనం అలా పాడైతే నాకూ ఏడుపొచ్చింది. తెలియని సలహాలు దయచేసి ఇవ్వకండి.

మీ ఊలు ఏదో తెలియకపోతే చిన్న పోగు స్టీలు పళ్లెంలో కాల్చి చూడండి. అసలు ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి, చల్లారాక నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

అపోహ: మొదటి కుట్టు గట్టిగా లాగితే అంచు నీటుగా వస్తుంది.

అంచు కురచై ముక్క వంకరపోతుంది. మొదటి కుట్టు మామూలుగా వేసి, రెండోది వేసేటప్పుడు దారం కాస్త బిగించండి. మొదటి కుట్టును అల్లకుండా రెండో సూది మీదికి జార్చే పద్ధతి బయటికి కనిపించే అంచులకు బాగుంటుంది, కలిపి కుట్టే అంచులకు వద్దు.

అపోహ: కుట్లు పెరిగాయంటే లెక్క తప్పినట్టే.

వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పోతే మొదటి కుట్టు పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది. రెండూ అల్లేస్తారు. నిట్ వరుసకు దారాన్ని సూది కిందనుంచే వెనక్కి తీసుకెళ్లండి.

అపోహ: నంబరు పెద్దదైతే సూది లావు.

మన దగ్గర దొరికే చాలా సూదులకు పాత బ్రిటిష్ నంబర్లే. 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25 మి.మీ., అంటే నంబరు పెరిగేకొద్దీ సన్నం. అమెరికా వాళ్ల వీడియోలో 8 అంటే 5 మి.మీ. కొనేటప్పుడు నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి.