డైవింగ్ నేర్చుకునే పిల్లలు: అపోహలు - వాస్తవాలు

ఎత్తు నుంచి పల్టీలు కొడుతూ నీళ్లలోకి దూకే డైవింగ్‌కి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు నాతో చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే. "సార్, మావాడికి భయమన్నదే లేదండీ. ఎంత ఎత్తు నుంచైనా దూకేస్తాడు." ఆ మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. చాలా ఏళ్లుగా పిల్లలకి ఈ ఆట నేర్పుతున్నాను. భయపడే పిల్లలతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. భయం తెలియని పిల్లల్ని, వాళ్లని తొందరపెట్టే పెద్దల్ని ఆపడమే కష్టం. టీవీలో చూసేవాళ్లకి ఇది రెండు సెకన్లలో అయిపోయే ఆట. అందుకే దీని చుట్టూ ఇన్ని అపోహలు.

అపోహ: భయం లేనివాళ్లే డైవర్లు అవుతారు

వాస్తవం: పది మీటర్ల ఎత్తున్న ప్లాట్‌ఫామ్, అంటే కదలని అరుగు, అంచున నిలబడితే ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చినవాళ్లకీ గుండె దడదడలాడుతుంది. కాకపోతే వాళ్లు ఆ డైవ్‌ని అప్పటికే ముక్కలు ముక్కలుగా కొన్ని వందల సార్లు చేసి ఉంటారు.

పది మీటర్ల నుంచి ముందుకు మూడున్నర పల్టీలు కొట్టే డైవ్‌నే తీసుకోండి. అది నేల మీద పరిచిన మ్యాట్ మీద మొదలవుతుంది. మోకాళ్లు ఛాతీకి లాక్కుని, కాళ్లని మోకాళ్ల కింద గట్టిగా పట్టుకుని ఉండలా ముడుచుకోవాలి. దీన్ని టక్ అంటాం. ఆ తర్వాత ట్రాంపొలిన్. పిల్లల నడుముకి బెల్టు కట్టి, కప్పీల మీదుగా వచ్చే తాడుని కోచ్ పట్టుకుంటాడు. తర్వాత నీళ్లు లేని చోట బిగించిన బోర్డు మీద నుంచి స్పాంజి గుంటలోకి. ఇవన్నీ అయ్యాక నీళ్ల దగ్గరికి వస్తే, అక్కడ మళ్లీ అఆల నుంచే: పూల్ అంచున కూర్చుని చేతులు ముందు పెట్టి నీళ్లలోకి ఒరగడం. తర్వాత ఒక మీటరు ఎత్తున్న బోర్డు నుంచి ఒకటిన్నర పల్టీ, ఐదు మీటర్ల నుంచి రెండున్నర. ఆ రెండున్నర నిద్రలో లేపి అడిగినా చేసేంత అలవాటయ్యాకే పది మీటర్ల మాట.

మొదటిసారి కొత్త డైవ్ చేసేటప్పుడు తిరుగుతున్న పిల్లలకి నీళ్లేవో పైకప్పేదో తెలియదు. కింద నిలబడ్డ కోచ్ సరైన క్షణంలో "అవుట్!" అని అరుస్తాడు. ఆ కేక వినగానే ఒళ్లు విప్పేయాలి. కేక కనురెప్పపాటు ఆలస్యమైనా వీపు మీదో, ముఖం మీదో పడతారు. కొత్త డైవ్ ఉన్న రోజు నా అరచేతులకీ చెమటలు పడతాయి.

కోచ్‌గా తొలి రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటి ఇప్పటికీ గుర్తుంది. పదకొండేళ్ల పాప మూడు మీటర్ల బోర్డు చివర వెనక్కి తిరిగి నిలబడింది. మడమలు గాలిలో ఉన్నాయి, కాలి వేళ్లు తెల్లబడేంత గట్టిగా బోర్డుని నొక్కి పట్టుకుంది. "రేపు చేస్తాను సార్" అంది. పోటీ దగ్గర పడుతోందని నేను వినలేదు. దూకింది, కానీ భయంతో మధ్యలోనే ఒళ్లు విప్పేసి వీపు చరుచుకుని పడింది. వీపంతా ఎర్రగా కందిపోయింది. మర్నాడు ప్రాక్టీసుకి వచ్చింది కానీ మూడు నెలల పాటు వెనక్కి దూకే డైవ్ ఒక్కటీ చేయలేకపోయింది. మళ్లీ పూల్ అంచు నుంచి మొదలుపెట్టాం. నేను ఒక్కరోజు ఆగనందుకు ఆ పాపకి మూడు నెలలు పోయాయి.

పోటీలో అడుగులు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే ఒక్కో జడ్జి ఇచ్చిన మార్కులోంచి రెండేసి తగ్గిస్తారు. రెండోసారీ ఆగితే ఆ డైవ్‌కి సున్నా. ఆ కోత పోటీకి మాత్రమే. ప్రాక్టీసులో మెట్లు దిగి వచ్చేసే పిల్లల్ని ఎవరూ చులకన చేయకూడదు, ముఖ్యంగా గ్యాలరీలో కూర్చున్న అమ్మానాన్నలు.

అపోహ: గాలిలోకి వెళ్లాక బలంగా తిరిగి పల్టీలు కొడతారు

వాస్తవం: పల్టీకి కావలసిన తిప్పుడంతా పాదాలు బోర్డునో ప్లాట్‌ఫామ్‌నో వదలకముందే వచ్చేయాలి. గాలిలో నెట్టుకోవడానికి ఆధారమేమీ ఉండదు. అక్కడ చేయగలిగింది ఉన్న తిప్పుడుని వేగంగానో నెమ్మదిగానో మార్చుకోవడమే. ముడుచుకుంటే వేగం పెరుగుతుంది, ఒళ్లు చాపితే తగ్గుతుంది. ట్విస్టుల సంగతి, అంటే బొంగరంలా పక్కకి తిరగడం సంగతి వేరు. వాటిని గాలిలోనూ తెచ్చుకోవచ్చు. ఒక చెయ్యి పైకి, ఇంకో చెయ్యి కిందికి విసిరితే ఒళ్లు కాస్త పక్కకి ఒరిగి, పల్టీ తిప్పుడులో కొంత ట్విస్టుగా మారుతుంది.

ఇది తెలియక పిల్లలు చేసే తప్పు ఒక్కటే, తొందర. బోర్డు ఇంకా పైకి నెడుతుండగానే తల కిందికి విసిరేస్తారు. ఎత్తు పోతుంది, ఎత్తుతో పాటు టైమూ పోతుంది. పది మీటర్ల నుంచి ఊరికే వదిలేసిన వస్తువు నీళ్లని తాకడానికి 1.4 సెకన్లు పడుతుంది. మంచి జంప్ దానికి ఇంకాస్త కలుపుతుంది. ఆ కాస్తలోనే చివరి సగం పల్టీ ఉంటుంది.

అపోహ: నీళ్లు చిమ్మకపోతే ఫుల్ మార్కులు

వాస్తవం: జడ్జిలు నిలబడే తీరు, నడక, ఎగిరే తీరు, గాలిలో ఆకారం, నీళ్లలోకి దిగడం అన్నీ చూసి సున్నా నుంచి పది వరకు, అరమార్కు తేడాతో మార్కులిస్తారు. నీళ్లు చిమ్మకపోయినా గాలిలో మోకాళ్లు విడిపోతే మార్కు పోయినట్టే.

ప్రతి డైవ్‌కీ ఒక నంబరు ఉంటుంది. 107బి అంటే: మొదటి అంకె 1, ముందుకు దూకే గుంపు. చివరి 7, ఏడు అరపల్టీలు, అంటే మూడున్నర. బి అంటే పైక్, మోకాళ్లు వంచకుండా నడుము దగ్గర మడవడం. మూడు మీటర్ల బోర్డు మీద దీని కష్టం విలువ, అంటే డీడీ, 3.1. ఏడుగురు జడ్జిలుంటే పై రెండు, కింది రెండు మార్కులు తీసేసి, మధ్య మూడింటిని కలిపి డీడీతో గుణిస్తారు.

పేరెంట్స్‌కి నేను కాగితం మీద వేసి చూపించే లెక్క ఇది. 107బి సరిగ్గా రాని పిల్లాడికి మూడు ఐదులు వస్తే 15 × 3.1 = 46.5. అదే పిల్లాడు ఒక పల్టీ తక్కువున్న 105బి, డీడీ 2.4, శుభ్రంగా చేసి మూడు ఎనిమిదులు తెచ్చుకుంటే 24 × 2.4 = 57.6. పదకొండు పాయింట్ల తేడా! అంతర్జాతీయ జూనియర్ పోటీల్లో కొన్ని డైవ్‌ల మొత్తం డీడీకి పరిమితి పెట్టడంలో నాకు కనిపించే మంచి ఇదే. అక్కడ సులువైన డైవ్‌ని అందంగా చేసినవాళ్లదే పైచేయి. నా అభిప్రాయంలో పిల్లల డైవింగ్‌లో అంతకన్నా మంచి రూల్ లేదు.

ఇక చిమ్మడం గురించి. చేతులు జోడించి వేళ్లతో నీళ్లని చీల్చుకుంటూ వెళ్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక చేత్తో రెండో చేతి వేళ్లు పట్టుకుని, అరచేతిని నీళ్లకి బల్లపరుపుగా పెడతారు. ఆ అరచెయ్యి నీళ్లలో ఒక గుంట చేస్తుంది. ఒళ్లంతా ఆ గుంటలోంచే జారిపోవాలి. మోచేతులు బిగుసుకుని, చెవులు రెండు భుజాల మధ్య నొక్కుకుని ఉండాలి. నీళ్లలోకి వెళ్లిన వెంటనే చేతులు పక్కలకి లాగుతారు. బాగా కుదిరితే గుడ్డ చింపినట్టు చర్రుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వింటే, వెనక్కి తిరిగి ఉన్నా, డైవ్ బాగా దిగిందని తెలిసిపోతుంది.

అపోహ: స్ప్రింగ్‌బోర్డ్ తేలిక, ప్లాట్‌ఫామే అసలు డైవింగ్

వాస్తవం: ప్లాట్‌ఫామ్ కదలదు, బోర్డు కదులుతుంది. 4.8 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న బోర్డు పైకి వస్తోందో కిందికి వెళ్తోందో అరికాలికి తెలియాలి. దాని కింద చక్రంలాంటి ఫుల్‌క్రమ్ ఉంటుంది. ముందుకీ వెనక్కీ జరిపి బోర్డు గట్టిదనాన్ని ఎవరి బరువుకి, ఎవరి లయకి తగ్గట్టు వాళ్లు సరిచేసుకోవాలి. చివరి ఎగురు తర్వాత బోర్డు మీద దిగడం క్షణం ముందైతే అది మోకాళ్లని ఎదురు కొడుతుంది. ఈ లయ పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. చేతుల మీద నిలబడి మొదలుపెట్టే డైవ్‌లు మాత్రం ప్లాట్‌ఫామ్ మీదే.

అపోహ: నీళ్లే కదా, దెబ్బేం తగులుతుంది? / అమ్మో, మెడ విరుగుతుంది!

వాస్తవం: రెండూ వింటుంటాను. పది మీటర్ల నుంచి పడితే నీళ్లని తాకేసరికి వేగం గంటకి 50 కిలోమీటర్లు. ఆ వేగంలో నీళ్లు మెత్తగా ఉండవు. మణికట్టు, భుజం, నడుము మీద భారం రోజూ పడుతుంది. ఎదిగే పిల్లల్లో నడుము దగ్గరి వెన్నుపూసకి సన్నటి చీలిక రావడం ఈ ఆటలో కోచ్‌లు కనిపెట్టుకుని ఉండాల్సిన గాయం. వెనక్కి వంగినప్పుడు నడుము నొప్పి అంటే ఆ రోజుకి డైవ్‌లు బంద్, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎత్తు నుంచి చేసే డైవ్‌ల సంఖ్యకీ హద్దు పెట్టుకుంటాం.

కానీ మెడ విరిగే ప్రమాదాలు జరిగేది ప్రధానంగా లోతు తెలియని నీళ్లలోకి తలకిందులుగా దూకినప్పుడు. పోటీ డైవింగ్ పూల్‌లో పది మీటర్ల ప్లాట్‌ఫామ్ కింద లోతు ఐదు మీటర్ల దాకా ఉంటుంది. నీళ్ల మట్టం కంటికి ఆనడానికి పైన జల్లు కొట్టి అలలు రేపుతారు. కొత్త డైవ్‌లకి అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీళ్లని మెత్తబరిచే ఏర్పాటు కొన్ని పూల్స్‌లో ఉంటుంది.

బోర్డుకి తగలడం అరుదే కానీ జరుగుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా డైవర్ గ్రెగ్ లుగానిస్ ముందుకి దూకి బోర్డు వైపు తిరిగే రివర్స్ డైవ్‌లో తల బోర్డుకి కొట్టుకున్నాడు. కుట్లు వేయించుకుని, ఆ పోటీలోనే స్వర్ణం గెలిచాడు. ఈ కథని పిల్లలకి స్ఫూర్తిగా చెప్పేవాళ్లున్నారు. నేను మాత్రం తలకి దెబ్బ తగిలిన పిల్లల్ని ఆ రోజు మళ్లీ బోర్డెక్కనివ్వను.

అపోహ: ఏడెనిమిదేళ్లకే మొదలుపెట్టాలి, బక్కగా ఉండాలి

వాస్తవం: 1992 బార్సిలోనాలో ఫు మింగ్‌షియా 13 ఏళ్లకే పది మీటర్ల స్వర్ణం గెలిచింది. అలాంటి పేర్లే అందరికీ గుర్తుంటాయి. కానీ 2000 సిడ్నీలో అదే పోటీ గెలిచిన లారా విల్కిన్సన్ డైవింగ్ మొదలుపెట్టింది 15 ఏళ్లప్పుడు, జిమ్నాస్టిక్స్ వదిలేశాక. 2008 బీజింగ్ విజేత మాథ్యూ మిచమ్ ట్రాంపొలిన్ కూడా ఆడినవాడే. ఒంటి మీద అదుపు ఎక్కడ నేర్చుకున్నా ఇక్కడ పనికొస్తుంది.

ఒంటి బరువు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. చాలీచాలని తిండి తింటూ రోజూ రెండు పూటలా ప్రాక్టీసు చేసే అమ్మాయికి నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ కాదు, ఒళ్లు ఇస్తున్న హెచ్చరిక. ఎముకలు బలహీనపడతాయి, గాయాలు మానవు. పిల్లల్ని అందరి ముందూ బరువు తూచే కోచ్ కనిపిస్తే నిలదీసి అడగండి. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య ఒళ్లు పెరిగి పాత డైవ్‌లు ఒక్కసారిగా చేతికి రాకపోవచ్చు. చేతులు, కాళ్లు పొడవయ్యాయి, తిరిగే లెక్క మారింది, అంతే. పల్టీలు తగ్గించి మళ్లీ కట్టుకుంటూ రావాలి. తిండి తగ్గించడం దానికి మందు కాదు.

చివరగా, అందరూ అడిగే చిన్న ప్రశ్న ఒకటుంది. ప్రతి డైవ్ ముందూ ఆ చిన్న తువాలుతో ఎందుకు తుడుచుకుంటారు, మళ్లీ తడిసేదే కదా అని. కాళ్లు తడిగా ఉంటే టక్‌లో పట్టు జారుతుంది. తిరుగుతుండగా చేతులు జారితే ఒళ్లు తెరుచుకుపోతుంది, ఎక్కడ పడతామో చెప్పలేం. అందుకే నా పిల్లలు మెట్లెక్కే ముందు మోకాళ్ల కింద, అరచేతులు పొడిగా తుడుచుకున్నారో లేదో ప్రతిసారీ చూస్తాను.