వీఎం బూట్ కాలేదంటే డేటా పోయినట్టేనా? వర్ట్-రెస్క్యూ గురించి నేను రోజూ వినే అపోహలు

యాసంగి కోతలు జోరుగా ఉన్న రోజులు. పొద్దున ఆరు కాకముందే మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లు నుంచి ఫోన్. రాత్రి గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి, సర్వర్ ఆగిపోయింది. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది గానీ కాంటా లెక్కలుండే వీఎం (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్) మాత్రం లేవలేదు. గేటు బయట వడ్ల ట్రాక్టర్లు అప్పటికే వరుస కట్టాయి.

"అన్నా, ఎమర్జెన్సీ మోడ్ అని వస్తుంది. మొత్తం పోయినట్టుంది. కొత్త వీఎం ఎక్కించి పోయిన వారం బ్యాకప్ వేయనా?" అన్నాడు అక్కడి అబ్బాయి.

"ఏం ముట్టుకోకు తమ్ముడూ. ఆ వీఎంను ఆపి పెట్టు, గంటలో వస్తున్నా."

నల్గొండలో ఉంటూ చుట్టుపక్కల మిల్లులు, ల్యాబులు, కాలేజీల సర్వర్లు చూసుకోవడం నా పని. ఇటు సూర్యాపేట, అటు దేవరకొండ, ఒక్కోసారి మహబూబ్‌నగర్ దాకా తిరుగుతుంటాను. ఎక్కువ చోట్ల ఒకటే పద్ధతి: ఒక లినక్స్ సర్వర్, దాని మీద కేవీఎం (లినక్స్‌లో వీఎంలు నడిపే ఏర్పాటు), అందులో రెండు మూడు వీఎంలు. వాటిలో ఒకటి పడిపోతే నేను మొదట తెరిచేది వర్ట్-రెస్క్యూ. రెడ్ హ్యాట్‌లో పనిచేసే రిచర్డ్ జోన్స్ 2009లో మొదలుపెట్టిన లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ కుటుంబంలోని టూల్ ఇది, ఉచితం. వెనకట మనం కంప్యూటర్ లేవకపోతే రెస్క్యూ సీడీ పెట్టి లేపేవాళ్లం కదా, వీఎంలకు అదే పని సీడీ లేకుండా చేస్తుంది. ఒక చిన్న లినక్స్‌ను లేపి, పాడైన వీఎం డిస్క్‌ను దానికి తగిలించి, మనకొక కమాండ్ లైన్ ఇస్తుంది. అంతే దాని పని. దాని చుట్టూ మాత్రం చాలా అపోహలున్నాయి. ఆ అపోహల వల్లే బాగుపడాల్సిన డేటా మన చేతుల్లోనే పోతోంది.

అపోహ: బూట్ కాని వీఎం అంటే పాడైన డిస్క్

మిర్యాలగూడ కథే చెబుతాను. మిల్లుకు వెళ్లి హోస్ట్ (వీఎంలను మోసే అసలు సర్వర్) మీద వర్ట్-రెస్క్యూ నడిపాను. వీఎం పేరు ఇవ్వడానికి డి ఆప్షన్, అందులోని పార్టిషన్లను దానంతటదే వెతికి మౌంట్ చేయడానికి ఐ ఆప్షన్, ఏమీ రాయకుండా చూడటానికి ఆర్‌ఓ ఆప్షన్. కాసేపటికి రెస్క్యూ ప్రాంప్ట్ వచ్చింది. వీఎం ఫైళ్లన్నీ సిస్‌రూట్ అనే ఫోల్డర్ కింద కనిపించాయి. డేటాబేస్ ఫోల్డర్ చూశాను. ఫైళ్లున్నాయి, సైజులు సరిగ్గానే ఉన్నాయి, చివరి తేదీ నిన్న రాత్రిదే.

తర్వాత బూట్‌లో ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ తెరిచాను. చివరి లైన్‌లో బ్యాకప్ కోసం ఒక అదనపు డిస్క్, దాని యూయూఐడీ (గుర్తింపు నంబర్). ఆ డిస్క్‌ను ఎవరో ఎప్పుడో తీసేశారు, లైన్ మాత్రం అలాగే ఉండిపోయింది. వీఎం నెలల తరబడి రీబూట్ కాలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు. ఆ రాత్రి మళ్లీ లేవాల్సి వచ్చింది. లేని డిస్క్ కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి కూర్చుంది. అక్కడ అడిగే రూట్ పాస్‌వర్డ్ మిల్లులో ఎవరికీ తెలియదు.

బయటికొచ్చి, ఈసారి ఆర్‌ఓ లేకుండా లోపలికెళ్లి ఆ లైన్‌ను పట్టించుకోకుండా దాని ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టాను. వీఎం లేచింది. పోయిన వారం బ్యాకప్ వేసి ఉంటే వారం రోజుల కాంటా చీటీలు మళ్లీ కొట్టుకోవాల్సి వచ్చేది. (నిజానికి ఇంత చిన్న మార్పుకు వర్ట్-ఎడిట్ చాలు, ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. నేను ముందు లోపల చూడాలనుకున్నాను కాబట్టి రెస్క్యూ తెరిచాను.) ఇక మీదట అదనపు డిస్క్ ఏది రాసినా దాని పక్కన నోఫెయిల్ అనే మాట చేర్చమని ఆ అబ్బాయికి చెప్పి వచ్చాను. అది ఉంటే డిస్క్ దొరక్కపోయినా బూట్ ఆగిపోదు.

నేను చూసినవాటిలో ఎక్కువ ఇలాంటివే. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పు, సగంలో ఆగిన కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్, నిండిపోయిన రూట్ పార్టిషన్, మరిచిపోయిన పాస్‌వర్డ్. ఇవేవీ డేటాను తాకవు.

అపోహ: వర్ష్ డిస్ట్రాయ్ కొడితే వీఎం మాయమైపోతుంది

నేను దారిలో ఉండగా ఆ అబ్బాయే మళ్లీ ఫోన్ చేశాడు. "షట్‌డౌన్ అంటే ఆగట్లేదన్నా. డిస్ట్రాయ్ అని ఉంది, కొట్టాలంటే భయమైతుంది." పేరు వింటే ఎవరికైనా భయమే. కానీ వర్ష్ (వీఎంలను ఆపే, నడిపే కమాండ్)లో డిస్ట్రాయ్ చేసేది ప్లగ్ పీకడం మాత్రమే. డిస్క్ ఉంటుంది, వీఎం సెట్టింగులూ ఉంటాయి. నడుస్తున్న వీఎంకు ప్లగ్ పీకడం మంచిది కాదు గానీ, ఎమర్జెన్సీ మోడ్‌లో ఇరుక్కున్నదానికి అదే దారి. నిజంగా భయపడాల్సింది వీఎం సెట్టింగులు తీసేసే అన్‌డిఫైన్ కమాండ్‌కు రిమూవ్ ఆల్ స్టోరేజ్ ఆప్షన్ తగిలించినప్పుడు. అది డిస్క్‌నే తుడిచేస్తుంది.

అపోహ: చిన్న మార్పే కదా, వీఎం నడుస్తుండగానే చేసేయొచ్చు

ఇది అన్నిటికంటే ప్రమాదం. ఒకే ఖాతా పుస్తకాన్ని ఇద్దరు గుమాస్తాలు ఒకరికొకరు తెలియకుండా రాస్తున్నారనుకోండి. ఒకరు ఖాళీ అనుకున్న పేజీలో ఇంకొకరు అప్పటికే రాసేసి ఉంటారు. నడుస్తున్న వీఎం ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ల అమరిక) సంగతులు చాలావరకు తన మెమరీలో పెట్టుకుంటుంది. బయటి నుంచి మనం రాసింది దానికి తెలియదు. తన పాత లెక్క ప్రకారం అది మన రాతల మీదే రాసేస్తుంది. ఒక్క లైన్ మార్చబోతే మొత్తం ఫైల్‌సిస్టమ్ చెడిపోవచ్చు.

వీఎం పేరుతో తెరిస్తే టూల్ కనిపెట్టి, ఇది నడుస్తోంది, చదవడానికి మాత్రమే తెరువు అని ఆపేస్తుంది. డిస్క్ ఫైల్ దారి ఇచ్చి తెరిచినప్పుడు ఆ కాపలా ఉండదు. వీఎంలను నడిపే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్‌లో 2017లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి డిస్క్ ఫైల్‌కు లాక్ పడుతోంది కాబట్టి కొంత నయం. అయినా వేరే సర్వర్ నుంచో, పాత వెర్షన్‌తోనో తెరిస్తే ఆ లాక్‌ను నమ్ముకోలేం. అందుకే నేను ఎప్పుడూ వీఎం పేరుతోనే తెరుస్తాను, ముందు వర్ష్ లిస్ట్‌లో అది ఆగి ఉందో లేదో కళ్లారా చూసుకుంటాను.

నడుస్తున్న వీఎంను చదవడానికి మాత్రమే తెరవొచ్చు, ప్రమాదం లేదు. కాకపోతే కనిపించేది సగం రాసిన పేజీ కావచ్చు. దాన్ని చూసి డిస్క్ పాడైందని తీర్పు చెప్పకూడదు.

అపోహ: ఎఫ్‌ఎస్‌సీకే కొట్టి అన్నిటికీ యెస్ అంటే సరిపోతుంది

ఈ ఒక్క అలవాటు మానితే చాలా డేటా బతుకుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మహబూబ్‌నగర్‌లో ఒక ల్యాబ్ వాళ్ల వీఎం ఇలాగే కరెంటు పోయి పడిపోయింది. రూట్ పార్టిషన్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే రకం ఫైల్‌సిస్టమ్. అక్కడున్నవాళ్లు ముందు మామూలు ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ను సరిచూసే కమాండ్) కొట్టారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద అది ఏమీ చేయదు, ఊరికే సరే అని బయటికొస్తుంది. తర్వాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ నడిపితే, లాగ్‌లో ఇంకా ఎక్కించని మార్పులున్నాయి, ముందు మౌంట్ చేయి అని హెచ్చరించింది. ఆ హెచ్చరిక కిందే క్యాపిటల్ ఎల్ ఆప్షన్ గురించి కూడా ఉంటుంది. టెన్షన్‌లో ఉన్నవాళ్ల కన్ను దాని మీదే పడుతుంది. కొట్టారు. ఎల్ అంటే ఆ లాగ్‌ను చెరిపేయమని అర్థం. కరెంటు పోయే ముందు చివరగా జరిగిన మార్పులన్నీ ఉండేది అందులోనే. నేను వెళ్లేసరికి రిపోర్టుల ఫోల్డర్‌లో కొంత ఖాళీ, లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్లు లేని ఫైళ్లు, పేర్ల బదులు ఐనోడ్ నంబర్లు (ఫైల్‌సిస్టమ్ లోపల ఫైళ్లకుండే నంబర్లు). ఒక్కొక్కటి తెరిచి అది ఎవరి రిపోర్టో చూసి పేరు పెట్టుకుంటూ రెండు రోజులు కూర్చున్నాం. కొన్ని దొరకనే లేదు. ఎదురుగా ఆ రిపోర్టుల కోసం వచ్చిన పేషెంట్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆ రెండు రోజులు నేను మరిచిపోలేను.

ఆ హెచ్చరిక చెప్పిన మాటే సరైన పద్ధతి. ముందు మౌంట్ చేస్తే ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన లాగ్‌ను తానే ఎక్కించుకుంటుంది. చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది. తర్వాత అన్‌మౌంట్ చేసి రిపేర్ నడపాలి. మౌంట్ కూడా కాకపోతేనే, అన్ని దారులూ మూసుకుపోతేనే ఎల్.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, ఇది తెలిసినవాళ్లు తక్కువ. వర్ట్-రెస్క్యూను ఆర్‌ఓతో తెరిచినప్పుడు లోపల మీరు రాయొచ్చు. రాసినదంతా ఒక తాత్కాలిక ఫైల్‌లోకి వెళ్తుంది, బయటికి రాగానే అది పోతుంది, అసలు డిస్క్‌కు గీత కూడా పడదు. అంటే రిపేర్‌ను అక్కడ రిహార్సల్ చేసుకోవచ్చు. ఎల్ కొడితే ఎన్ని ఫైళ్లు లాస్ట్ అండ్ ఫౌండ్‌లోకి వెళ్తాయో అక్కడే లెక్కపెట్టుకోవచ్చు. నచ్చకపోతే బయటికొస్తే చాలు, ఏమీ జరగనట్టే.

రిపేర్ ఫలితాన్ని ఉంచుకుని చూడాలంటే పాత డిస్క్‌ను బేస్‌గా పెట్టి దాని మీద క్యూకౌ2 (వీఎం డిస్క్ ఫైల్ ఫార్మాట్) పొర ఒకటి సృష్టించండి. క్యూఈఎంయూ-ఇమేజ్‌లో క్రియేట్ కమాండ్‌కు బేస్ ఫైల్‌ను, దాని ఫార్మాట్‌ను ఇస్తే క్షణంలో అవుతుంది. రిపేర్‌ను ఆ పొర మీద చేయండి, వీఎంను ఆ పొర నుంచే లేపి చూడండి. బాగుంటే కమిట్ చేసి కిందికి కలిపేయండి. లేకపోతే పొరను పారేసి ఇంకో దారి వెతకండి. ఈ మధ్యలో బేస్ డిస్క్‌ను మాత్రం నేరుగా తెరవకూడదు. హోస్ట్‌లో జాగా ఉంటే మొత్తం డిస్క్‌కు కాపీ తీసుకోవడం ఇంకా మేలు.

అపోహ: రెస్క్యూలోకి వెళ్లడమంటే ఆ వీఎంలోకి వెళ్లడమే

కాదు, వీఎం పక్కన నిలబడటం. ఈ తేడా మరిస్తే బాగుచేయబోయి ఇంకోటి పాడుచేస్తాం.

వీఎంలో వీడీఏ అని పిలిచే డిస్క్ ఇక్కడ ఎస్‌డీఏ అవుతుంది. ఆ పేరు చూసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ అని రాసేవాళ్లను చూశాను. అలా రాస్తే వీఎం మళ్లీ లేవదు. యూయూఐడీ రాయండి, ఏ గొడవా ఉండదు.

కెర్నల్ కూడా వేరే. రెస్క్యూలో నడిచేది హోస్ట్ కెర్నల్. కెర్నల్ అప్‌డేట్ సగంలో ఆగి బూట్ కాని వీఎంకు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైల్) మళ్లీ తయారు చేయాలంటే, డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను సిస్‌రూట్ కిందికి బైండ్ చేసి, క్రూట్ చేసి (వీఎం ఫైళ్లనే రూట్‌గా తీసుకుని), ఆ ఫైల్‌ను తయారు చేసే డ్రాకట్ నడుపుతాం. అక్కడ వెర్షన్ చెప్పకుండా డ్రాకట్ కొడితే అది నడుస్తున్న కెర్నల్‌కు, అంటే హోస్ట్ కెర్నల్‌కు తయారు చేయబోతుంది. వీఎంలోని లిబ్ మాడ్యూల్స్ ఫోల్డర్ చూసి, అక్కడున్న వెర్షన్ నంబర్‌ను పూర్తిగా ఇవ్వాలి.

పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఇంకో చిక్కు. రెడ్ హ్యాట్ కుటుంబపు వీఎంలలో ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ నడుస్తుంటుంది, అది ఫైళ్ల లేబుళ్లను చూస్తుంది. రెస్క్యూ నుంచి పాస్‌వర్డ్‌లుండే షాడో ఫైల్‌ను మారిస్తే దాని లేబుల్ పోవచ్చు. అప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాగిన్ కానివ్వదు. రూట్‌లో ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైల్ (పేరు ముందు చుక్క ఉండాలి) పెడితే తర్వాతి బూట్‌లో లేబుళ్లన్నీ సరవుతాయి. ఆ బూట్ ఆలస్యమవుతుంది, కంగారుపడి ఆపకండి. పాస్‌వర్డ్ ఒక్కటే సమస్య అయితే వర్ట్-కస్టమైజ్ తేలిక.

పాత హోస్ట్ మీద కొత్త వీఎం ఉన్నప్పుడు వచ్చే భయం వేరు. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసినా హోస్టుగా ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. దాని మీద 9వ వెర్షన్ వీఎంను రెస్క్యూలో తెరిస్తే ఎక్స్‌ఎఫ్‌ఎస్ మౌంట్ కాదు, తెలియని ఫీచర్లు ఉన్నాయంటుంది. డిస్క్ పాడవలేదు, పాత కెర్నల్‌కు ఆ కొత్త ఫార్మాట్ చదవడం రాదు, అంతే. డిస్క్ ఫైల్‌ను కొత్త వెర్షన్ ఉన్న ఇంకో మెషీన్‌కు కాపీ చేసి అక్కడ తెరవండి. పాత హోస్ట్ మీదే రిపేర్ కొట్టకండి, డిస్క్ నిక్షేపంగానే ఉంది.

అపోహ: వీఎం బిగుసుకుపోతే రీసెట్టే మందు

ముందు వీఎం స్థితి చెప్పే వర్ష్ డోమ్‌స్టేట్‌ను రీజన్ ఆప్షన్‌తో అడగండి. పాజ్డ్, ఐ/ఓ ఎర్రర్ అని వస్తే హోస్ట్ డిస్క్ నిండిందేమో చూడండి. క్యూకౌ2 ఫైల్ వాడకం కొద్దీ పెరుగుతుంది. వీఎం లోపల సగం ఖాళీ కనిపిస్తున్నా బయట హోస్ట్‌లో అంగుళం జాగా లేకపోవచ్చు. జాగా లేకపోతే క్యూఈఎంయూ ఆ వీఎంను నిలబెట్టి ఉంచుతుంది. హోస్ట్‌లో పాత ఐఎస్ఓలు, లాగులు తీసేసి వర్ష్ రెజ్యూమ్ అంటే ఆగిన చోటు నుంచే నడుస్తుంది. రెస్క్యూతో పనే లేదు. రీసెట్ చేస్తే మాత్రం రాతలు మధ్యలో తెగి, లేని రోగం వస్తుంది.

ఇక చిన్నవి. రూట్‌గా ఉంటేనే ఈ టూల్ నడుస్తుందనుకుంటారు. డిస్క్ ఫైల్‌ను చదివే, రాసే హక్కు మీ యూజర్‌కు ఉంటే చాలు. రూట్‌గా నడిపినప్పుడే ఒక్కోసారి పర్మిషన్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ బ్యాకెండ్ సెట్టింగ్‌ను డైరెక్ట్ అని పెట్టి చూడండి. అసలు టూలే లేవకపోతే లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్-టెస్ట్-టూల్ నడిపితే ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. విండోస్ వీఎంలనూ తెరవొచ్చు. కాకపోతే ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగిన విండోస్ నిజంగా ఆగినట్టు కాదు, నిద్రలో ఉన్నట్టు. దాని డిస్క్ మీద రాయకండి. క్యూకౌ2 లోపలి స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవద్దు, ఆ ఫైల్ పోతే రెండూ పోతాయి.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మా వైపు పిల్లలు, ముఖ్యంగా ఇంజినీరింగ్ అయిపోయి నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్ల వైపు చూస్తున్నవాళ్లు, నన్ను ఎక్కడ నేర్చుకోవాలని అడుగుతుంటారు. మీ ల్యాప్‌టాప్‌లోనే. వర్ట్-బిల్డర్ ఒక్క కమాండ్‌తో వీఎం డిస్క్ తయారు చేసి ఇస్తుంది. దాని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక తప్పు యూయూఐడీ పెట్టి, అది ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగడం చూసి, రెస్క్యూతో బాగుచేయండి. తర్వాత రూట్ పాస్‌వర్డ్ మరిచిపోయినట్టు అనుకోండి. ఆ తర్వాత బూట్ ఫోల్డర్ నుంచి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ తీసేసి, డ్రాకట్‌తో మళ్లీ తెప్పించండి. ఈ మూడూ చేసి చూశాక మీ దగ్గర ఎక్కడైనా చిక్కుపడితే, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ పూర్తిగా ఫోటో తీసి పంపండి. సగం మెసేజ్ వద్దు, కింది లైన్ దాకా కావాలి.