మోటరు ఒక్క సెకను తిరిగితే మూడున్నర రోజుల పాట

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, ఉండేది మహబూబ్‌నగర్‌లో. దసరా సెలవులకు మా ఇంటికి, నల్గొండకు వచ్చినప్పుడు వాడి చేతికి కొత్త స్మార్ట్‌వాచ్ ఉంది. నా టేబుల్ సొరుగులో అగ్గిపెట్టెలో సగం ఉండే మ్యూజిక్ ప్లేయర్ ఒకటి, చొక్కాకు క్లిప్పులా పెట్టుకునేది, స్క్రీన్ కూడా లేనిది, వాడి కంటపడింది. తీసి అటూ ఇటూ తిప్పి చూసి "మామా, వాచ్‌లనే పాటలొస్తున్నయి కదా, ఇంక ఇదెందుకు?" అన్నాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆ పూట నోటికొచ్చిన రెండు మాటలు చెప్పాను గానీ నాకే తృప్తి కలగలేదు. కాగితం పెన్సిల్ తీసుకుని లెక్క వేస్తే ఎంత బాగా తేలిందో మీకూ చెప్పాలనిపించింది.

చరిత్రను గబగబా దాటేస్తాను. 1979లో సోనీ వాక్‌మన్, 1998లో మొదటి ఎంపీ3 ప్లేయర్లు, 2001 అక్టోబరులో ఐపాడ్ వచ్చాయి. 2010లో వచ్చిన ఐపాడ్ నానో చిన్న పలకలా ఉండేసరికి చాలామంది దానికి పట్టీ తగిలించి మణికట్టుకు కట్టుకున్నారు. ఆపిల్ వాచ్ అమ్మకానికి వచ్చింది 2015లో. అంటే ప్లేయర్‌ను గడియారం చేసుకోవాలన్న కోరిక జనంలో ముందే ఉంది. 2017లో నానోను, స్క్రీన్ లేని చిన్న ఐపాడ్ షఫుల్‌ను ఆపేశారు, 2022లో ఐపాడ్ పేరుతో మిగిలిన చివరిదాన్నీ ఆపేశారు. ఇక ఎంపీ3 పాటను ఎలా కుదిస్తుందన్నది ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను దాని జోలికి పోను. నాకు అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది.

ఒక పాట వినడానికి ఎంత కరెంటు కావాలి?

బరాత్‌లో డీజే బండి చూసిన వాళ్లు కిలోవాట్లు అంటారు. అది ఊరందరికీ వినిపించే పాట. చెవిలో పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్ కదపాల్సిన గాలి ఒక చెంచాడు కూడా ఉండదు. మామూలు ఇయర్‌ఫోన్‌కు ఒక మిల్లీవాట్ ఇస్తే చాలు, 100 డెసిబెళ్ల చుట్టుపక్కల మోగుతుంది, అంత గట్టిగా వింటే చెవులు పాడవుతాయి. మనం హాయిగా వినే 80 డెసిబెళ్లకు అందులో నూరో వంతు సరిపోతుంది. అంటే 10 మైక్రోవాట్లు, వాట్‌లో లక్షో వంతు. ఈ అంకె చూసి నేను పెన్సిల్ పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి లెక్క వేశాను. తప్పు లేదు.

లక్షో వంతు అంటే మనసుకు ఏమీ తోచదు కాబట్టి మన బోరు మోటరు దగ్గరికి పోదాం. నల్గొండ, పాలమూరు వాళ్లకు హెచ్‌పీ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. 5 హెచ్‌పీ మోటరు అంటే 3,730 వాట్లు, అంటే సెకనుకు 3,730 జౌళ్లు. స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కి, ఒక్క సెకను తిరగనిచ్చి, ఎర్ర బటన్ నొక్కేశారనుకోండి. పైపులోకి నీళ్లు కూడా ఎక్కి ఉండవు. ఆ ఒక్క సెకను శక్తిని దాచిపెట్టి ఇయర్‌ఫోన్‌కు మాత్రమే ఇస్తే, రాత్రీ పగలూ ఆగకుండా దాదాపు 12 ఏళ్లు పాట మోగుతుంది. (బడిలో వాట్, జౌల్ పాఠాన్ని నిర్వచనాలతో కాకుండా ఇలాంటి లెక్కతో మొదలుపెడితే పిల్లలు ఆ పాఠాన్ని జన్మలో మరచిపోరని నా గట్టి నమ్మకం. మా రోజుల్లో నిర్వచనం బట్టీ పట్టించి వదిలేశారు.)

మరి ప్లేయర్లు పన్నెండేళ్లు ఎందుకు నడవవు? ఐపాడ్ షఫుల్ చివరి మోడల్‌నే తీసుకుందాం. బరువు 12.5 గ్రాములు, బ్యాటరీ సుమారు 50 మిల్లీ ఆంపియర్ అవర్లు, పాడేది 15 గంటలు. బ్యాటరీ అంకెను దాని వోల్టేజీతో హెచ్చించి, గంటలతో భాగిస్తే 12, 13 మిల్లీవాట్ల మధ్య వస్తుంది. మన మోటరు సెకనుతో ఇది 82 గంటలు, అంటే మూడున్నర రోజులు పాడుతుంది. కానీ ఆ 12.6 మిల్లీవాట్లలో నిజంగా పాటగా మారేది 0.01 మిల్లీవాట్. మిగతా వెయ్యి పైచిలుకు వంతులు పాటను చెవి దాకా మోసుకురావడానికే ఖర్చవుతాయి. పాట చాలా చవక, మోత కూలీయే ఎక్కువ. నా జవాబంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఈ కూలీ ఎక్కడెక్కడ పోతుందో చూద్దాం. ఎంపీ3 ఫైలులో ధ్వని ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కలో 1,152 నమూనాలు (ఒక్కో క్షణాన ధ్వని ఎంతుందో చెప్పే అంకెలు). సెకనుకు 44,100 నమూనాలు కావాలి కాబట్టి చిప్ సెకనుకు 38 ముక్కలు విప్పాలి, ఒక్కో ముక్కకు 26 మిల్లీసెకన్ల గడువు. మంచి చిప్ ఈ పనిని గడువులో చిన్న భాగంలోనే ముగించి, తర్వాతి ముక్క దాకా నిద్రపోతుంది. మొదటి ఐపాడ్‌లో పాటలు తిరిగే హార్డ్ డిస్కులో ఉండేవి. డిస్కును ఆపకుండా తిప్పితే బ్యాటరీ 10 గంటలు వచ్చేదే కాదు. అందుకని 32 మెగాబైట్ల మెమరీ పెట్టారు. డిస్కు కాసేపు తిరిగి ఆ మెమరీని నింపేస్తుంది, తర్వాత ఆగిపోతుంది, పాట 20 నిమిషాల దాకా మెమరీ నుంచే నడుస్తుంది. ఇది మనింట్లో పద్ధతే కదా. చెంబు నీళ్లు కావాలంటే బోరు మోటరు వేయం, కరెంటు ఉన్నప్పుడు ట్యాంకు నింపుకుని నల్లా తిప్పుకుంటాం. చిన్న ప్లేయర్ గొప్పతనమంతా ఈ ట్యాంకులోనే ఉంది. పాట పక్కనే ఉంది, వైరు చెవికి తగిలి ఉంది, తక్కినవన్నీ నిద్రలో ఉన్నాయి.

ఇప్పుడు వాచ్ సంగతి. 300 మిల్లీ ఆంపియర్ అవర్ల వాచ్ బ్యాటరీలో పట్టేది 4,000 జౌళ్ల పైచిలుకు, మళ్లీ మన మోటరు ఒక సెకను చేసే పనే. షఫుల్‌లా వాడుకుంటే దానితో దాదాపు నాలుగు రోజులు ఆపకుండా పాటలు వినొచ్చు. ఆపిల్ తన వాచ్‌కు చాలా ఏళ్లు చెప్పిన లెక్క, మామూలు వాడకంలో, 18 గంటలు. స్క్రీన్, గుండె వేగం చూసే పచ్చ దీపం, అడుగుల లెక్క, బ్లూటూత్, అన్నీ ఆ ఒక్క సెకను శక్తిలోనే వాటా పంచుకుంటాయి. సిమ్ ఉన్న వాచ్‌లో పాటను నేరుగా నెట్ నుంచి వింటే ఇంకా భారం. టవర్‌తో మాట్లాడే రేడియో పని అయిపోయినా వెంటనే పడుకోదు, కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది, ట్యాంకు నిండాక కూడా ఆపని మోటరు లాగా. టవర్ దూరమైతే మరింత గట్టిగా అరవాలి. 4జీ పరికరం 200 మిల్లీవాట్ల దాకా ప్రసారం చేయొచ్చు, ఒక్క ప్రసారానికే మన షఫుల్ మొత్తం ఖర్చుకు పదహారు రెట్లు!

బ్లూటూత్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు తమాషా మాకు అక్కడే ఎదురైంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడవడానికి పోయాం. వాడు ఫోన్ ఇంట్లో వదిలి, వాచ్‌లో దాచిన పాటలు చెవుల్లో బడ్స్ పెట్టుకుని వింటున్నాడు. నా చొక్కాకు ఆ పాత క్లిప్ ప్లేయర్. కట్ట ఎక్కిన కాసేపటికే వాడి పాట ముక్కలు ముక్కలుగా తెగడం మొదలైంది. "ఇంట్ల ఎప్పుడు గిట్ల కాలేదు మామా, ఖరాబయిందేమో" అని టెన్షన్ పడ్డాడు. చెయ్యి వెనక్కి పెట్టుకుని నడువు అన్నాను, పాట పోయింది. చెయ్యి ఎదపైకి తీసుకో అన్నాను, తిరిగొచ్చింది. నాలుగైదు సార్లు చేశాడు, ప్రతిసారీ అంతే. వాచ్ బాగానే ఉంది. అడ్డం పడుతున్నది వాడి ఒళ్లే!

బ్లూటూత్ తరంగం 2.4 గిగాహెర్ట్జ్‌ది, పొడవు జానెడు కంటే తక్కువ. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లు, నీళ్లు ఈ తరంగాన్ని బాగా పీల్చుకుంటాయి. సుమారు రెండు సెంటీమీటర్ల కండ దాటేసరికి దాని బలం ఏడో వంతుకు పడిపోతుంది. 20 సెంటీమీటర్ల మందం మొత్తం కండే అనుకుంటే ఏడును పదిసార్లు హెచ్చించాలి, 28 కోట్లలో ఒక వంతు మిగులుతుంది. అంటే ఏమీ మిగలనట్టే. చర్మం మీదుగా చుట్టూ పాకి కొంచెం వస్తుంది. మరి ఇంట్లో ఎలా వినబడింది? గోడలు, స్లాబు, బీరువా తరంగాన్ని తిరగ్గొట్టి అవతలి వైపు చెవికి చేరుస్తాయి. కట్ట మీద ఒకవైపు నీళ్లు, ఒకవైపు పొలాలు, తిరగ్గొట్టడానికి ఏముంది? వెనక్కి దిగి ఇళ్ల మధ్య సందులోకి రాగానే, చెయ్యి ఎక్కడ పెట్టినా పాట తెగలేదు. వాడి మొహం చూడాలి అప్పుడు!

పానగల్లు దాకా పోయి ఛాయా సోమేశ్వరాలయం చూడకుండా రాలేం. కుందూరు చోళుల నాటి ఆ గుడి గర్భాలయంలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ ఒకటి ఉంటుంది. మహిమ అని చెప్పేవాళ్లు చాలామంది. సూర్యుడి వెలుగు నేరుగా కాకుండా స్తంభాల మధ్య నుంచి చెదిరి, తిరిగి, రెండు పక్కల నుంచి లోపలికి చేరుతుంది కాబట్టి సూర్యుడు కదిలినా నీడ కదలదు. ఆ నీడ అక్కడే నిలిచేలా రాళ్లు పేర్చిన శిల్పుల తెలివి నాకు మహిమ కంటే ఎంతో పెద్దగా కనబడుతుంది. నేరుగా వచ్చే కిరణం వేరు, తిరిగి తిరిగి వచ్చేది వేరు అని మావాడికి ఆ గోడ ముందే చెప్పాను. సందులో పాట ఎందుకు తెగలేదో వాడే నాకు తిరిగి చెప్పాడు.

పాట తెగినప్పుడు ఇంకో నష్టం కూడా ఉంది. అవతల అందలేదని తెలిస్తే వాచ్ అదే ముక్కను మళ్లీ పంపుతుంది, మళ్లీ అందకపోతే మళ్లీ. ఫుట్‌వాల్వు కారే మోటరు ఎత్తిన నీళ్లనే ఎత్తుతున్నట్టు. మామూలు బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు, 79 చానళ్ల మధ్య గెంతుతూ పోతుంది. ఇలా గెంతే ఉపాయానికి 1942లో పేటెంటు తీసుకున్న ఇద్దరిలో ఒకరు సినిమా నటి హెడీ లామార్. ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి టార్పిడోలను నడిపే సంకేతాన్ని శత్రువు అడ్డుకోకుండా పియానోలోలా 88 మెట్ల మధ్య గెంతించాలని ఆలోచించారు. సంగీతం నుంచి పుట్టిన ఆలోచన ఇవాళ సంగీతాన్నే మోస్తోంది.

బడ్స్ పెట్టుకుంటే మెదడు ఉడుకుతుందని మా వీధిలో గట్టిగా నమ్మేవాళ్లున్నారు, రేడియేషన్ ఆపే స్టిక్కర్లని కొని అంటించుకునేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ డబ్బు దండగ చేసుకోకండి. ఇలాంటి పరికరాల్లో ఎక్కువగా వాడే క్లాస్ 2 బ్లూటూత్ గరిష్ఠ బలం 2.5 మిల్లీవాట్లు, దాంతో చెంచాడు నీళ్లు కూడా వేడెక్కవు. భయపడాల్సింది సౌండుకు. 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటల దాకా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. వైరైనా, బ్లూటూతైనా చెవికి తేడా లేదు.

ఇక ముందు ఏమవుతుంది? వాచ్‌లే ప్లేయర్ల దగ్గర పాఠం నేర్చుకుంటున్నాయని నాకనిపిస్తోంది. పాటలు దాచుకునే చోటు వాచ్‌లలో పెరిగింది, అంటే ట్యాంకు పెద్దదైంది. బ్లూటూత్‌లో పాట పంపడానికి 2020 జనవరిలో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త ప్రమాణంలో, పాటను కుదించే ఎల్‌సీ3 అనే కొత్త పద్ధతి ఉంది. పాత పద్ధతిలో పంపే సమాచారంలో సగమే పంపినా పాట నాణ్యత తగ్గదు. సగం పంపితే రేడియో అంత ఎక్కువసేపు నిద్రపోవచ్చు. అదే పద్ధతిని చెవిటి మిషన్లలోకి తేవడం నాకు ఎక్కువ సంతోషం, బస్టాండ్ అనౌన్స్‌మెంటు నేరుగా తాత చెవి మిషన్‌లోకి వచ్చే రోజు ఊహించండి. కానీ వాచ్ ఎంత నేర్చుకున్నా ఒళ్లు నీళ్లు కాకుండా పోదు, టవర్లు అడవిలోకి అన్నిచోట్లకూ రావు. చెల్కల్లో గొర్లు కాసేవాళ్ల మెడలో మెమరీ కార్డు వేసిన చిన్న పాటల డబ్బా ఇప్పటికీ వేలాడుతోంది, వాళ్లకు అది పాతకాలపు వస్తువు కాదు, అక్కడికి సరిపోయే వస్తువు. చొక్కా క్లిప్పు ప్లేయర్ పెద్ద కంపెనీల లెక్కల్లో లేకపోయినా, చౌకగా, వైరుతో, బటన్లతో ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. బటన్లుంటే చూడకుండా వేలితో తడిమి పాట మార్చొచ్చు. ట్రాక్టర్ మీద ఉన్నవాడికి అది చిన్న సంగతి కాదు.

సెలవులయ్యాక మావాడు ఆ ప్లేయర్ అడిగి తీసుకుపోయాడు. బ్యాటరీ పాతబడి మూడు గంటలే వస్తుంటే ఊళ్లో రిపేరు కుర్రాడు కొత్తది వేసిచ్చాడు. పోయిన నెల వాళ్ల బడి పిల్లలు శ్రీశైలం టూరు పోయారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవి ఘాటు ఎక్కగానే ఫోన్లలో సిగ్నల్ పోయింది, నెట్ పాటలన్నీ ఆగిపోయాయి. రాత్రి నాకు ఫోన్ చేసి చెప్పాడు, "బస్సుల నా పాటొక్కటే నడిచింది మామా". ఇయర్‌ఫోన్ ఒక చెవి వాడు పెట్టుకుని, రెండోది పక్క సీటు పిల్లవాడికి ఇచ్చాడట.