షార్ట్‌కట్‌లుగా మారిన ఫోల్డర్లు: పెన్‌డ్రైవ్ వైరస్‌లు డీటీపీ సెంటర్లను ఎందుకు వదలలేదు

పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్ చూస్తే ఎనిమిది జీబీలో ఆరు జీబీ నిండినట్టే ఉంటుంది. తెరిస్తే మాత్రం ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్‌లు తప్ప ఏమీ కనిపించవు. జిరాక్స్ షాపులోనో నెట్ సెంటర్‌లోనో ఒక్క ప్రింటు తీయించుకుని వచ్చిన వాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉన్నాయి. అయినా చాలాచోట్ల వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". వైరస్ చెడగొట్టకుండా వదిలిన ఫైళ్లను నిజంగా చెరిపేసేది ఆ ఫార్మాటే.

ఈ బెడదకు వాడేవాళ్ల అజాగ్రత్తే కారణమని తేల్చేయడం తేలిక. కానీ దీని వెనక విండోస్‌లో సౌకర్యం పేరిట పెట్టిన కొన్ని ఏర్పాట్లున్నాయి. వాటిని సరిదిద్దిన అప్‌డేట్లు రాకుండా మనవాళ్లే తలుపు మూసుకోవడానికి కారణాలున్నాయి. పాత ప్రోగ్రాములను వదులుకోలేని డీటీపీ పని కూడా ఉంది.

డిస్కు మీద ఎక్కి ఊరూరా తిరిగే వైరస్ పెన్‌డ్రైవ్‌తో పుట్టింది కాదు. 1986లో లాహోర్‌కు చెందిన ఆల్వీ సోదరులు రాసిన బ్రెయిన్ వైరస్ 360 కేబీ ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో, అంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు అన్నిటికంటే ముందు చదివే భాగంలో, కూర్చునేది. ఫ్లాపీని డ్రైవ్‌లో మరిచిపోయి సిస్టమ్ ఆన్ చేస్తే చాలు, మెమరీలోకి ఎక్కి ఆ తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీకీ అంటుకునేది. ఆ రోజుల మందు సులువు: రైట్ ప్రొటెక్ట్ ఉన్న, అంటే కొత్తగా ఏమీ రాయడానికి వీల్లేని, శుభ్రమైన ఫ్లాపీతో బూట్ చేసి అప్పుడు స్కాన్ చేయడం. వైరస్ నడుస్తున్న సిస్టమ్‌లోనే వైరస్‌ను వెతకకూడదన్న ఈ సూత్రం ఇప్పటికీ మారలేదు. జనం దాన్ని మరిచిపోయారంతే. పుణెలో కంప్యూటర్ రిపేర్లు చేసిన కాట్కర్ సోదరులు యాంటీవైరస్ రాయడం మొదలుపెట్టింది కూడా 1990లలోనే. రిపేరుకొచ్చిన సిస్టమ్‌ల బాధ నుంచి పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్ తర్వాత క్విక్ హీల్ అయింది.

కథ మలుపు తిరిగింది 1995 ఆగస్టులో, విండోస్ 95తో. సీడీ పెట్టగానే ఇన్‌స్టలేషన్ దానంతట అదే మొదలవ్వాలని మైక్రోసాఫ్ట్ ఆటోరన్ తెచ్చింది. సీడీలో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో 'ఓపెన్' అన్న వరుస ఎదురుగా ఏ ప్రోగ్రామ్ పేరుంటే విండోస్ దాన్ని నడిపిస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ మీద వైరస్ ఏమీ రాయలేదు కాబట్టి అప్పటికి పెద్ద ప్రమాదం కనిపించలేదు. పదేళ్లు తిరక్కుండా ఆ స్థానంలోకి పెన్‌డ్రైవ్ వచ్చింది. దాని మీద ఎవరైనా ఏమైనా రాయొచ్చు, ఆటోరన్ నియమం మాత్రం అలాగే ఉండిపోయింది.

విండోస్ ఎక్స్‌పీలో ఇది ఎలా నడిచేదో చూడాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఏం చేయాలో అడిగే ఆటోప్లే పెట్టె ఒకటి మామూలుగా వచ్చేది. దాన్ని మూసేసినా తప్పించుకున్నట్టు కాదు. ఆటోరన్ ఫైల్లో 'షెల్, ఓపెన్, కమాండ్' అనే వరుస ఉంటే మై కంప్యూటర్‌లో ఆ డ్రైవ్ బొమ్మ మీద డబుల్ క్లిక్ చేయడమంటేనే వైరస్‌ను నడపడం. రైట్ క్లిక్ చేసి ఓపెన్ అన్నా అంతే, ఎందుకంటే ఆ మెనూలోని ఓపెన్‌ను కూడా ఆ ఫైలే మార్చేసేది. అడ్రస్ బార్‌లో డ్రైవ్ అక్షరం, కోలన్ కొట్టి వెళ్లడమో, ఎడమ పక్క ఫోల్డర్ల చెట్టులోంచి వెళ్లడమో చేస్తేనే భద్రం. ఈ ముక్క తెలిసినవాళ్లు షాపుకొకరు ఉండేవారు, ఆయన సెలవు పెట్టిన రోజున వైరస్ ఎక్కేది.

దీనికి తోడు, తెలిసిన ఫైల్ రకాల ఎక్స్‌టెన్షన్లను, అంటే పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలను, విండోస్ డిఫాల్ట్‌గా దాచేస్తుంది. ఈఎక్స్ఈ ఉంటే అది నడిచే ప్రోగ్రామ్ అని అర్థం. ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న 'న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ' చూడ్డానికి అచ్చం న్యూ ఫోల్డర్ లాగే ఉండేది. పైగా ఎక్స్‌పీలో చాలామంది వాడేది అడ్మినిస్ట్రేటర్ ఖాతానే, కాబట్టి ఒక్క క్లిక్కుతో సిస్టమ్ మొత్తం దాని చేతికి వెళ్లేది.

చిరాకంతా అసలు ఆ తర్వాతే. టాస్క్ మేనేజర్ తెరిస్తే "అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారు" అని వస్తుంది, ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరో కాదు, ఎదురుగా కూర్చున్న మనిషే. విండోస్ సెట్టింగ్‌లన్నీ దాచుకునే రిజిస్ట్రీని మార్చే ఎడిటర్ తెరుచుకోదు. టూల్స్ మెనూలో ఫోల్డర్ ఆప్షన్స్ మాయం. ఉన్నా, 'షో హిడెన్ ఫైల్స్' టిక్ పెట్టి ఓకే నొక్కి మళ్లీ చూస్తే టిక్ పోయి ఉంటుంది. రిజిస్ట్రీలో 'షో ఆల్' కింద ఉండే 'చెక్డ్ వాల్యూ'ను వైరస్ ఒకటి నుంచి సున్నాకు మార్చేస్తుంది. యాంటీవైరస్ వైరస్ ఫైలును తీసేసినా ఈ మార్పులను చాలాసార్లు అలాగే వదిలేసేది. వైరస్ పోయినా సిస్టమ్ బాగవలేదని కస్టమర్ గొడవ పడితే తప్పు ఎవరిదనాలి? ఆ మార్పులు ఒక్కొక్కటి చేత్తో వెనక్కి తిప్పాల్సిందే.

దీంతో విసిగి "ఓఎస్ కొట్టించడం" సర్వరోగ నివారిణి అయింది. సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేస్తారు, కస్టమర్ డేటా ఉన్న డీ, ఈ డ్రైవ్‌లు ముట్టుకోరు. విండోస్ వేయడం ముగిశాక డ్రైవర్ల కోసం డీ డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేస్తారు. అక్కడ పాత ఆటోరన్ ఫైలు కాచుకుని ఉంటుంది, ఎక్స్‌పీ హార్డ్ డిస్క్ పార్టిషన్ల విషయంలోనూ దాన్ని పాటిస్తుంది. సాలిటీ లాంటి వైరస్ అయితే ఇంకా దారుణం. అది విడిగా ఒక ఫైలుగా ఉండదు, కనిపించిన ఈఎక్స్ఈ ఫైళ్లన్నిటిలోకీ దూరుతుంది. డీ డ్రైవ్‌లో దాచుకున్న ప్రింటర్ సెటప్, యాంటీవైరస్ సెటప్ అన్నీ దానికి ఇళ్లే. సేఫ్ మోడ్‌కు కావాల్సిన రిజిస్ట్రీ భాగాలను కూడా చెరిపేస్తుంది కాబట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే నీలి తెర వస్తుంది. దీనికి రెస్క్యూ సీడీతో బూట్ చేసి అన్ని పార్టిషన్లూ స్కాన్ చేయాలి, సెటప్ ఫైళ్లన్నీ పారేసి కొత్తవి తెచ్చుకోవాలి. వైరట్ అనే మరొకటి ఈఎక్స్ఈల్లోకి దూరేటప్పుడే కొన్నిటిని బాగుచేయలేనంతగా పాడుచేసేది.

నెట్ సెంటర్లు డీప్ ఫ్రీజ్ పెట్టుకున్నది ఇందుకే. రీస్టార్ట్ చేస్తే సీ డ్రైవ్ పాత స్థితికి వచ్చేస్తుంది. అయితే రెండు రీస్టార్ట్‌ల మధ్య వచ్చిన పెన్‌డ్రైవ్‌లన్నిటికీ వైరస్ అంటుతూనే ఉంటుంది. సెంటర్ శుభ్రం, కస్టమర్లకు జబ్బు.

మరి మైక్రోసాఫ్ట్ సరిదిద్దలేదా అంటే, ఆలస్యంగా సరిదిద్దింది. 2008 అక్టోబర్ 23న విండోస్ సర్వర్ సర్వీస్ లోపానికి అత్యవసర ప్యాచ్ (లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్) ఇచ్చింది. నవంబర్‌లో ఆ లోపాన్నే వాడుకునే కాన్‌ఫికర్ అనే వైరస్ వచ్చింది, డిసెంబర్‌కల్లా దాని రెండో రూపం పెన్‌డ్రైవ్ కూడా ఎక్కింది. దాని ఆటోప్లే పెట్టెలో 'ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరువు' అన్న వరుస ఫోల్డర్ బొమ్మతో సహా రెండుసార్లు కనిపించేది. పైనున్నది వైరస్ పెట్టింది, కింద ఉన్నది విండోస్‌ది. ఎవరైనా పైదే నొక్కుతారు. ఆటోరన్‌ను రిజిస్ట్రీలో ఆపేసుకున్నా, ఆ సెట్టింగ్ పూర్తిగా పనిచేయడం లేదని 2009 జనవరిలో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం యూఎస్ సర్ట్ హెచ్చరించింది. సెట్టింగ్ నిజంగా పనిచేసేలా చేసే అప్‌డేట్ ఎక్స్‌పీకి అందరికీ వచ్చింది ఆ ఫిబ్రవరిలో. 2009 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 7 పెన్‌డ్రైవ్‌ల మీద ఆటోరన్‌ను పాటించడం మానేసింది. అదే మార్పు ఎక్స్‌పీ, విస్టాలకు విండోస్ అప్‌డేట్ ద్వారా దానంతట అది చేరడం మొదలైంది 2011 ఫిబ్రవరిలో.

మన షాపుల్లో చాలా సిస్టమ్‌లకు ఆ అప్‌డేట్ చేరనేలేదు. 2006 నుంచి విండోస్ అప్‌డేట్‌తో పాటే 'మీ విండోస్ అసలైనది కాదు' అని చెప్పే జెన్యూన్ అడ్వాంటేజ్ కూడా వచ్చేది. పైరేటెడ్ విండోస్ వేసిన వాళ్లు చేసిన మొదటి పని ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపేయడం. తెర మీద హెచ్చరిక రాకూడదన్న ఆ ఒక్క కారణంతో కాన్‌ఫికర్ ప్యాచ్ నుంచి ఆటోరన్ ప్యాచ్ దాకా అన్నీ బయటే ఉండిపోయాయి. డబ్బు కట్టకుండా ప్రోగ్రాములు వాడుకునేందుకు క్రాక్ పెట్టేటప్పుడు యాంటీవైరస్ అడ్డొస్తుందని దాన్ని కాసేపు ఆపడం, తిరిగి ఆన్ చేయడం మరిచిపోవడం ఇంకో అలవాటు.

ఆటోరన్ దారి మూసుకుపోతుంటే వైరస్ రాసేవాళ్లు షార్ట్‌కట్ పట్టుకున్నారు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్, షార్ట్‌కట్ బొమ్మను విండోస్ తెర మీద చూపిస్తేనే చాలు నడిచిపోయేది. అప్పట్లో యాంటీవైరస్ సంస్థ సైమాంటెక్ లెక్కల ప్రకారం ఇరాన్, ఇండోనేషియాల తర్వాత ఎక్కువ సిస్టమ్‌లకు సోకింది మన దేశంలోనే. ఆ లోపానికి ఆగస్టులో ప్యాచ్ వచ్చింది. తర్వాత వచ్చిన మామూలు షార్ట్‌కట్ వైరస్‌లకు లోపమేదీ అక్కర్లేదు, మనిషి క్లిక్ చేస్తే చాలు.

ఈ వైరస్‌ల పనితనం తెలియాలంటే అలాంటి షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడాలి. అక్కడ ఫోల్డర్ పేరు ఉండదు. సీఎండీ (కమాండ్ ప్రాంప్ట్)తో మొదలై, విండోస్ నేరుగా నడిపే వీబీఎస్ అనే రకం స్క్రిప్టును నడిపే ఆజ్ఞ, దాని వెనకే అసలు ఫోల్డర్‌ను తెరిచే ఆజ్ఞ ఉంటాయి. క్లిక్ చేసిన మనిషికి ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది, కాబట్టి అనుమానం రాదు. అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అని రెండు గుర్తులూ తగిలిస్తారు. ఒక్క హిడెన్ అయితే 'షో హిడెన్ ఫైల్స్'తో కనబడేది. సిస్టమ్ గుర్తు కూడా ఉంటే 'ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేదాకా కనబడదు. గమారూ అనే రకం ఫైళ్లన్నిటినీ పేరే లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లో వేసి, పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక్క షార్ట్‌కట్ పెట్టేది.

శుభ్రం చేయడంలో వరుస ముఖ్యం. ముందు సిస్టమ్, తర్వాత పెన్‌డ్రైవ్. సిస్టమ్‌లో వైరస్ నడుస్తుండగా పెన్‌డ్రైవ్ కడిగితే కొన్ని సెకన్లలో మళ్లీ షార్ట్‌కట్‌లు వచ్చేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో ఆ స్క్రిప్టును నడిపే డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ ఈఎక్స్ఈ కనిపిస్తే ఆపేయాలి. స్టార్టప్ ఫోల్డర్, రిజిస్ట్రీలో రన్ కీ, షెడ్యూల్డ్ టాస్క్‌లు చూసి ఆ స్క్రిప్టును పిలిచేవి తీసేయాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే టూల్ ఈ మూడింటినీ ఒకేచోట చూపిస్తుంది. ఆ తర్వాత సిస్టమ్ రీస్టార్ట్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ డ్రైవ్‌లోకి వెళ్లి ముందు ఎల్ఎన్‌కే ఫైళ్లన్నీ, అంటే షార్ట్‌కట్‌లన్నీ, డెల్‌తో తీసేయాలి. ఆపైన ఆ దాచిన గుర్తులు తీసేసే యాట్రిబ్ కమాండ్: మైనస్ హెచ్, మైనస్ ఎస్, మైనస్ ఆర్, వాటి తర్వాత స్లాష్ ఎస్, స్లాష్ డి. స్లాష్ డి మరిచిపోతే ఫైళ్లకే గుర్తులు పోతాయి, ఫోల్డర్లు దాగే ఉంటాయి. డ్రైవ్ అక్షరం రెండుసార్లు సరిచూసుకోవాలి. పొరపాటున సీ డ్రైవ్ మీద కొడితే విండోస్ దాచి ఉంచాల్సినవన్నీ బయటపడి ఇంకో తలనొప్పి. బయటికొచ్చిన వాటిలో తెలియని వీబీఎస్, జేఎస్, ఈఎక్స్ఈ ఉంటే తీసేయాలి. 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' మాత్రం విండోస్ పెట్టుకున్నదే, దాన్ని చూసి కంగారు అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టడం అప్పటి చిట్కా. ఒకే పేరుతో ఫైలూ ఫోల్డరూ ఉండలేవు కాబట్టి వైరస్ ఫైలు రాయలేదు. కొంతకాలం పనిచేసింది, తర్వాతి వైరస్‌లు ఆ ఫోల్డర్‌నే పేరు మార్చేసి పని కానిచ్చాయి. షార్ట్‌కట్ వైరస్‌లకు అది అడ్డమే కాదు.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. బ్యాంకులు, ఆఫీసులు ఒక్కొక్కటిగా మారినా డీటీపీ సెంటర్లు కదల్లేదు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీల తెలుగంతా అన్ని సిస్టమ్‌లలో ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాని అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రామ్‌లో ఉంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత అడోబీ కొత్త వెర్షన్ తేలేదు. ఏళ్ల తరబడి దాచిన ఫైళ్లు తెరుచుకోవాలంటే అవే ప్రోగ్రాములు కావాలి. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా కనిపిస్తాయి. ఆ సిస్టమ్‌కు ప్రింటింగ్ ప్లేట్లు తయారుచేసే వాళ్లకు మధ్య తిరిగేది మళ్లీ పెన్‌డ్రైవే.

2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ విరుచుకుపడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. సపోర్ట్ ఆగిన మూడేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్రం ప్రారంభించి ఉచిత టూల్స్ విడుదల చేసింది. వాటిలో యూఎస్‌బీ ప్రతిరోధ్ ఒకటి. అనుమతించిన పెన్‌డ్రైవ్‌లనే సిస్టమ్‌లోకి రానిస్తుంది. ఆఫీసుకు బాగుంటుంది, గంటకో కొత్త పెన్‌డ్రైవ్ వచ్చే జిరాక్స్ షాపుకు పనికిరాదు.

వీబీఎస్ స్క్రిప్టులను విండోస్ నుంచి తప్పించబోతున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. అయితే అంతకుముందే 2021లో బయటపడ్డ రాస్ప్‌బెర్రీ రాబిన్, పెన్‌డ్రైవ్‌లోని షార్ట్‌కట్‌తో విండోస్ ఇన్‌స్టాలర్‌నే పిలిపించి నెట్ నుంచి మిగతాది దింపుకుంటోంది. దానికి వీబీఎస్‌తో పనే లేదు.

పేజ్‌మేకర్ కోసం ఎక్స్‌పీ ఉంచుకోక తప్పని షాపుల్లో ఆ సిస్టమ్‌కు నెట్ కేబుల్ తీసేయడం, కస్టమర్ పెన్‌డ్రైవ్‌లను కొత్త విండోస్ ఉన్న వేరే సిస్టమ్‌లోనే తెరవడం కనీసపు ఏర్పాటు. అక్కడి నుంచి ఎక్స్‌పీకి ఫైళ్లు తీసుకెళ్లడానికి పక్కన లాక్ బటన్ ఉన్న ఎస్‌డీ కార్డు అడాప్టర్ వాడొచ్చు. కాపీ అయ్యాక లాక్ వేసి పెడితే, ఆ లాక్‌ను పాటించే రీడర్ ఉన్నంతవరకు ఎక్స్‌పీ నుంచి వైరస్ దాని మీదికి ఎక్కదు. అన్ని రీడర్లూ పాటించవు కాబట్టి లాక్ వేసి ఒక ఫైలు కాపీ చేయబోయి చూసి, 'రైట్ ప్రొటెక్టెడ్' అని తిరస్కరిస్తేనే ఆ రీడర్‌ను వాడాలి.